నీడ కదలని గుడిలో రక్తపిశాచి

వేటగాడు కత్తి ఎత్తాలా వద్దా అన్న దగ్గరే నా కథ చాలా రోజులుగా ఆగిపోయింది. ఆమె రక్తపిశాచి. అతను తరతరాలుగా దెయ్యాలను వేటాడే ఇంట్లో పుట్టినవాడు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి దగ్గర మొదటిసారి ఎదురుపడతారు. ఆ చెట్టుకు 700 ఏళ్లంటారు. అది మొలకెత్తక ముందు ఆ నేల ఎట్లా ఉండేదో ఆమె చెప్తుంటే, అతను వచ్చిన పని మర్చిపోయి వింటాడు. ప్రేమ అక్కడే మొదలైంది.

ఇవాళ పొద్దున వంట, టిఫిన్ బాక్సులు, తర్వాత షాపులో జిరాక్సులు. ఎప్పటి రోజే. మధ్యాహ్నం కరెంటు పోయింది, ఎంతకీ రాలేదు. నల్లగొండ గడియారం సెంటర్‌లో ఆటో ఎక్కి పానగల్లు పోయాను, ఛాయా సోమేశ్వరుడి గుడికి.

ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోళుల నాటి గుడి అది. మూడు గర్భగుళ్లుంటాయి. వాటిలో ఒకదాంట్లో శివలింగం మీద స్తంభం నీడ లాంటిది పొద్దంతా నిలిచి ఉంటుంది. సూర్యుడు ఎటు తిరిగినా అది పక్కకు జరగదు. బయటి వెలుతురు మండపం స్తంభాల పక్కల నుంచి చెదిరి లోపలికి రావడం వల్ల అట్లా అవుతుందని ఫిజిక్స్ తెలిసినవాళ్లు వివరించారు. ఆ సంగతి తెలిశాక కట్టినవాళ్ల మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది. ఎదురుగా కూర్చుని చాలాసేపు చూశాను.

రక్తపిశాచికి నీడ పడదన్నది 1897 నాటి ఇంగ్లీషు నవలలోనే ఉంది. ఎండ తగిలితే చచ్చిపోతుందన్నది మాత్రం తర్వాత, 1922లో వచ్చిన జర్మన్ మూకీ సినిమాతో వచ్చింది. నా కథలో అమ్మాయికి ఈ రెండు కష్టాలూ ఉన్నాయి. పట్టపగలు ఆమె తల దాచుకోవాలంటే ఇంతకన్నా మంచి చోటు ఏముంది? తనకంటూ నీడ లేనిది, ఎన్నడూ జరగని నీడలో కూర్చుంటుంది.

కానీ అది గుడి కదా! బయటి దేశాల కథల్లో శిలువ చూపిస్తే పిశాచాలు పారిపోతాయి. సాయంత్రం ఇంట్లో పల్లికాయ వొలుస్తున్న నాయనమ్మను అడిగాను, దెయ్యం శివుడి గుళ్లకు వస్తదా అని.

"ఎందుకు రాదు? భూతాలన్నీ ఆయన ఎంబడే ఉంటయి. ఆయన కూడా పొమ్మంటే అవి ఇంకెక్కడికి పోవాలె బిడ్డా?"

నా చేతిలో పల్లికాయలు అట్లనే ఉండిపోయాయి. ఇన్ని రోజులూ నాకు అడ్డం పడ్డది ఇదే. దేవుడు వేటగాడి వైపే ఉంటాడనుకుని రాస్తున్నాను. మన శివుడు అట్లాంటివాడు కాదు.

ఇంకో సంగతి కూడా మనసులో ఉంది. చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు మా వైపు చిన్నప్పటి నుంచి వింటున్నాను. చచ్చిపోయినవాళ్లను ఎవరూ ఒక్క మాట అడిగి ఉండరు. అందుకే అడగకుండా కత్తి ఎత్తేవాణ్ని నేను హీరోగా రాయలేను.

రాత్రి అందరూ తిన్నాక కూర్చుని రాశాను. ఆమె గుడిలో ఉందని తెలిసి అతను వస్తాడు. చెప్పులు విడిచిన చోటే కత్తి కూడా పెట్టి లోపలికి పోతాడు. నీడకు ఇవతలే, వెలుతురులో కూర్చుని అడుగుతాడు: "నువ్వు ఎవరినన్నా చంపినవా?"

"చంపిన" అంటుంది ఆమె. ఎవరినో, ఎప్పుడో, ఎందుకో చెప్తుంది. ఒక్కటీ దాచదు. అతను లేచి పోడు. పొద్దు గూకేదాకా వింటాడు, ఆ తర్వాత ఇద్దరూ కలిసి బయటికి వస్తారు. కత్తి చెప్పుల పక్కనే ఉంటుంది. దాన్ని అతను తీసుకున్నాడో లేదో వచ్చే భాగంలో రాస్తాను.

చివర్లో ఆమెను మనిషిగా మార్చమని వదిన ఎప్పటి నుంచో అడుగుతోంది. మార్చను. అతను ఇష్టపడ్డది ఈమెను, ఇట్లా ఉన్నదాన్ని. ఇవాళ రాసింది వదినకు చదివి వినిపించాను. అతను అడిగిన తీరు నచ్చిందంది, ఆమె జవాబుకు మాత్రం భయపడింది. ఆ భయం ఉండాలనే రాశాను.