దేవ్‌బాగ్‌లో వహిని గదులు

కుడాళ్ స్టేషన్‌లో దిగి మాల్వణ్ బస్సెక్కాం. అక్కడి నుంచి ఆటోలో తార్కర్లీ దాటితే దేవ్‌బాగ్. మహారాష్ట్రలోని సింధుదుర్గ్ జిల్లా. ఒక పక్క అరేబియా సముద్రం, ఇంకో పక్క కర్లీ నది, మధ్యలో సన్నటి ఇసుక పట్టీ మీద ఊరు. కొబ్బరిచెట్ల కింద ఎక్కడ చూసినా గదులు అద్దెకిస్తామనే బోర్డులే.

మేం దిగింది ఎర్రరాతి గోడలు, పెంకుల కప్పు ఉన్న పాత ఇల్లు. పెరట్లో తర్వాత కట్టిన నాలుగు గదులు. భర్త పడవ నడుపుతాడు, కొడుకు స్కూబా డైవింగ్‌కి జనాన్ని తీసుకెళ్తాడు, అత్తగారు కొబ్బరి కోరుతుంది. పెత్తనమంతా ఇంటావిడది. వచ్చినవాళ్లంతా ఆమెను వహిని, అంటే మరాఠీలో వదిన, అనే పిలుస్తారు.

మెనూ కార్డు లేదు. పొద్దున ఒడ్డుకి ఏ చేప వస్తే మధ్యాహ్నం అదే. మాకు బాంగ్డా, అంటే మన కానాగంతలు, దొరికాయి. కొబ్బరి మసాలా పులుసు, అన్నం, చివర్లో కోకమ్ అనే పుల్లటి పండు రసం, కొబ్బరిపాలు కలిపిన సోల్‌కడీ. కోడికూర, పూరీల్లాంటి వడే కావాలంటే ముందురోజే చెప్పాలి. పక్క గదివాళ్లు పనీర్ బటర్ మసాలా అడిగారు. నాకు ఒళ్లు మండింది గానీ, ఆమె మాల్వణ్ నుంచి పనీర్ తెప్పించి మరీ వండింది.

గది అద్దెలో పెద్దగా మిగలదట. ఉప్పుగాలికి ఏసీలు, గీజర్లు, కిటికీ గడియలు అన్నీ తుప్పే. "గదులు ఏసీవాడికి, వంటిల్లు మాకు" అంది నవ్వుతూ.

అసలు టెన్షన్ వానాకాలం. సముద్రం పోటు మీదుంటే 1664లో శివాజీ మొదలుపెట్టిన సింధుదుర్గ్ కోటకి కూడా పడవలు ఆపేస్తారు, స్కూబా ఉండదు. పైగా పడమటి తీరంలో జూన్ 1 నుంచి జులై 31 దాకా చేపల వేట నిషేధం. మన తీరంలో అది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు కాబట్టి, మన బోట్లు వేటకెళ్లే వేళకి వీళ్లవి ఒడ్డున ఉంటాయి. డిసెంబర్‌లో, వేసవి సెలవుల్లో సంపాదించిందే అప్పుడు తినాలి. ఆ నెలల్లో ఎండుచేపలే కూర.

బిల్లు నోటుబుక్కులో రాసిచ్చింది, చేప ఖరీదు విడిగా. వినాయక చవితికి మళ్లీ వస్తామంటే తల అడ్డంగా ఊపింది. ముంబైలో ఉన్న మరుదులు, పిల్లలు అందరూ అప్పుడే ఊరికి వస్తారట. "గణపతికి గదులు ఇంటివాళ్లకే. ఎంతిచ్చినా లేవు. డిసెంబర్‌కి రాసుకోనా?"