పదహారేళ్లకు సమానం, ఇరవయ్యేళ్లకు వెనక

2017 అక్టోబరు 9 రాత్రి ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో మన అండర్-17 ఫుట్‌బాల్ జట్టు ప్రపంచకప్‌లో కొలంబియాతో ఆడుతుండగా, హైదరాబాదులో మా ఇంటి హాలులో నేనూ మా పెదనాన్నగారూ టీవీ ముందు కూర్చుని ఉన్నాం. మూడు రోజుల కిందటే అమెరికా చేతిలో 0-3తో ఓడిన జట్టు అది. అయినా ఆ రాత్రి ఆట వేరుగా సాగింది. మొదటి సగంలో రాహుల్ కొట్టిన బంతి గోల్‌పోస్టుకు తగిలి బయటికి పోయింది. గోల్‌కీపర్ ధీరజ్ సింగ్ ఎన్ని బంతులు ఆపాడో లెక్కపెట్టడం మధ్యలోనే మానేశాను. రెండో సగం మొదలైన కాసేపటికే పెన్యలోజా గోలు కొట్టి కొలంబియాను ముందుకు తీసుకెళ్లినా, మన పిల్లలు తల వంచలేదు. 82వ నిమిషంలో సంజీవ్ స్టాలిన్ కార్నర్ కిక్ తీయగా, మణిపూర్ కుర్రాడు జీక్సన్ సింగ్ అందరికంటే ఎత్తుకు లేచి తలతో కొట్టిన బంతి నేరుగా వలలో పడింది.

ఫిఫా నిర్వహించే ప్రపంచకప్ పోటీల్లో, ఏ వయసు విభాగంలోనైనా సరే, భారతదేశం చేసిన మొట్టమొదటి గోలు అది. నేను కుర్చీలోంచి లేచి కేకలు వేస్తున్నాను. పెదనాన్నగారు మాత్రం తెరవైపే చూస్తూ, "ఇప్పుడు రెండు నిమిషాలు బంతి మన కాళ్ల దగ్గరే ఉండాలి నాయనా, అది చాలా కష్టం" అన్నారు. ఆయన మాట పూర్తయ్యేలోపే, ఆట మళ్లీ మొదలైన నిమిషంలోనే, అదే పెన్యలోజా రెండో గోలు కొట్టాడు. 1-2తో ఓడిపోయాం. మరో మూడు రోజులకు ఘనా చేతిలో 0-4తో ఓడి, మూడు ఆటల్లో ఒక గోలు చేసి తొమ్మిది గోలులు ఇచ్చి, ఆతిథ్యం ఇచ్చిన పోటీ నుంచి మొదటి దశలోనే బయటికి వచ్చాం.

గోలుకీ గోలుకీ మధ్యనున్న ఆ ఒక్క నిమిషం గురించి ఇన్నేళ్లుగా ఆలోచిస్తూనే ఉన్నాను. సమం చేసిన ఆనందంలో జట్టు తన అమరికను క్షణకాలం మరిచిపోయింది. అటువంటి క్షణాల్లోకి వందసార్లు వెళ్లివచ్చిన జట్టు ఆ సందును వెంటనే కనిపెట్టింది. కాళ్లలోని నైపుణ్యంలో గానీ, ఊపిరిలోని సత్తువలో గానీ ఆ రాత్రి రెండు జట్లకూ పెద్ద తేడా కనిపించలేదు. గట్టి పోటీ ఉన్న ఆటలు ఏళ్ల తరబడి ఆడితే తప్ప రాని అలవాటు దగ్గర మాత్రం తేడా కనిపించింది.

ఆట ముగిశాక పెదనాన్నగారు టీవీ కట్టేసి, "షబ్బీర్ అలీ తెచ్చిన కప్పు గురించి నీకెవరైనా చెప్పారా?" అని అడిగారు. ఒకప్పుడు ఫతే మైదాన్ అని పిలిచిన లాల్ బహదూర్ స్టేడియంలో ఆటలు చూస్తూ పెరిగిన మనిషి ఆయన. నాకు ఎవరూ చెప్పలేదు, పాఠ్యపుస్తకంలోనూ చదవలేదు. హైదరాబాదులోనే పుట్టి పెరిగిన నాకు, హైదరాబాదు కుర్రాడు కెప్టెన్‌గా ఉన్న భారత జట్టు ఆసియా యువ ఛాంపియన్‌షిప్ గెలుచుకుందన్న సంగతి ఆ రాత్రి వరకూ తెలియకపోవడం ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

1974 ఏప్రిల్‌లో బ్యాంకాక్‌లో జరిగిన ఆ పోటీ ఫైనల్లో భారత్, ఇరాన్ జట్లు 2-2తో సమానంగా నిలవడంతో ఇద్దరినీ సంయుక్త విజేతలుగా ప్రకటించారు. అప్పటి ఇరాన్ అంటే ఏమిటో తెలిస్తే గానీ ఆ ఫలితం విలువ అర్థం కాదు: 1973 నుంచి 1976 వరకు వరుసగా నాలుగేళ్లూ ఆ కప్పు మీద, ఒంటరిగానో మరొకరితో కలిసో, ఇరాన్ పేరు ఉంది. ఆ జట్టుకు సాటిగా నిలిచిన మన కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చినవారు అరుణ్ ఘోష్. ఆయన 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన భారత జట్టులో డిఫెండర్. ఆ జట్టును తయారుచేసిన కోచ్ మన హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు చేత 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ అనే దేశవాళీ పోటీ గెలిపించి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానానికి తీసుకెళ్లిన రహీమ్ సాబ్. అంటే హైదరాబాదు గురువు దగ్గర ఆడిన శిష్యుడు, పదేళ్లు గడిచాక హైదరాబాదు కుర్రాడిని కెప్టెన్‌గా పెట్టుకుని ఆసియా కప్పు తెచ్చాడన్నమాట. ఆ పరంపర తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అప్పటికి ప్రపంచ యువ ఫుట్‌బాల్ పోటీ అనేదే లేదు. ఫిఫా దాన్ని 1977లో ట్యునీషియాలో మొదలుపెట్టింది. ఆసియా నుంచి ఇరాన్, ఇరాక్ వెళ్లాయి. అదే మూడేళ్లు ముందు మొదలై ఉంటే, ఆసియా విజేత హోదాలో మన జట్టు కూడా వెళ్లి ఉండేదేమో. వెళ్లి ఉంటే గెలిచేవాళ్లమని నేను అనను. కానీ ఆ కుర్రాళ్లు ఇరవయ్యేళ్లకే బ్రెజిల్, ఉరుగ్వే వంటి జట్లతో ఆడి ఉండేవారు. దేశంలో యువజన ఫుట్‌బాల్ అనే మాటకు ఒక అర్థం అప్పుడే ఏర్పడి ఉండేది. షబ్బీర్ అలీ ఆ తరువాత కలకత్తా మైదానాల్లో పేరు తెచ్చుకుని, 1998-99లో కోచ్‌గా సాల్గావ్‌కర్ జట్టుకు జాతీయ లీగ్ గెలిపించి, ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్న తొలి ఫుట్‌బాలర్ అయ్యారు. ఆయన పేరు తెలుగు పత్రికల్లో ఏడాదికి ఒక్కసారైనా కనిపించాలని నా కోరిక.

ఆ కప్పు తరువాత ఆసియా యువ పోటీలో, అంటే ఇప్పటి అండర్-20 విభాగంలో, భారత్ మళ్లీ అంత ఎత్తుకు చేరలేదు. 2006లో మన దేశంలోనే జరిగినప్పుడు ఆడడమే చివరిసారి; ఆ తరువాత అండర్-20 ఆసియా ప్రధాన పోటీకి అర్హతే సాధించలేకపోయాం. అండర్-17 విభాగం కథ ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడ మనం తరచుగా అర్హత సాధిస్తున్నాం, పెద్ద జట్లను నిలువరిస్తున్నాం, దక్షిణాసియా పోటీల్లో కప్పుల మీద కప్పులు గెలుస్తున్నాం. సరిగ్గా ఈ తేడాయే నన్ను కలవరపెడుతోంది.

2018నే తీసుకుందాం. నా దృష్టిలో 1974 తరువాత భారత కుర్రాళ్ల ఫుట్‌బాల్‌కు అంతకు మించిన సంవత్సరం లేదు. ఆగస్టు మొదటి వారంలో స్పెయిన్‌లోని వలెన్సియా ప్రాంతంలో జరిగిన కోటిఫ్ కప్‌లో, ఫ్లాయిడ్ పింటో శిక్షణలోని మన అండర్-20 జట్టు అర్జెంటీనా అండర్-20 జట్టును 2-1తో ఓడించింది. దీపక్ టాంగ్రీ తలతో ఒక గోలు, అన్వర్ అలీ ఫ్రీకిక్‌తో ఒక గోలు. రెండో సగంలో చాలాసేపు మనవాళ్లు పదిమందితోనే ఆడారు. అవతలి జట్టుకు కోచ్ లియోనెల్ స్కలోనీ. నాలుగేళ్ల తరువాత అర్జెంటీనాకు ప్రపంచకప్ తెచ్చిన స్కలోనీయే. ఆ గెలుపుకు కాస్త అటూ ఇటూగా, జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో మన అండర్-16 జట్టు ఇరాక్‌ను 1-0తో ఓడించింది.

అదే అండర్-16 జట్టు సెప్టెంబరులో మలేసియాలో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్‌కు బిబియానో ఫెర్నాండెజ్ శిక్షణలో వెళ్లింది. వియత్నాంపై విక్రమ్ ప్రతాప్ సింగ్ పెనాల్టీతో 1-0 గెలుపు, ఇరాన్‌తో 0-0, ఇండొనేసియాతో 0-0. గ్రూపు దశలో ఒక్క గోలూ ఇవ్వకుండా పదహారేళ్ల తరువాత క్వార్టర్‌ఫైనల్ చేరారు. అక్టోబరు 1న దక్షిణ కొరియాతో జరిగిన ఆట గెలిస్తే 2019 అండర్-17 ప్రపంచకప్‌లో చోటు దక్కేది; అది ఆతిథ్యం వల్ల కాక, ఆడి గెలుచుకున్న చోటు అయి ఉండేది. గోల్‌కీపర్ నీరజ్ కుమార్ ఆ రోజు అడ్డుగోడలా నిలబడ్డాడు. రెండో సగంలో ఒకసారి అతను ఆపిన బంతి తిరిగి కొరియా ఆటగాడి కాళ్ల దగ్గరే పడింది. 0-1. ఆ పోటీ మొత్తంలో మన జట్టు ఇచ్చిన గోలు అదొక్కటే, దానితోనే ఇంటిముఖం పట్టాల్సి వచ్చింది. 2017లో మూడు ఆటలూ ఓడిన జట్టుకు దేశమంతా చప్పట్లు కొట్టింది. ఒక్క గోలుతో ఆగిపోయిన ఈ జట్టు గురించి మాట్లాడుకున్నవారు తక్కువ. ఆ అన్యాయాన్ని నేను నా వంతుగా ఇక్కడ సరిచేస్తున్నాను.

ఇక ఆ తరువాతి సంగతి. 2023 జూన్‌లో థాయిలాండ్‌లో జరిగిన అండర్-17 ఆసియా కప్‌లో మన జట్టు ఉజ్బెకిస్తాన్ చేతిలో 0-1తో మాత్రమే ఓడింది. జపాన్‌తో 4-8తో ఓడినప్పటికీ, జపాన్ మీద నాలుగు గోలులు కొట్టడం ఏ ఆసియా జట్టుకూ తేలిక కాదు. ఏడు నెలలు తిరిగేసరికి, 2024 జనవరిలో ఖతార్‌లో, పెద్దల ఆసియా కప్‌లో మన సీనియర్ జట్టు అదే ఉజ్బెకిస్తాన్ చేతిలో 0-3తో ఓడింది. ఆస్ట్రేలియా, సిరియాల చేతిలోనూ ఓడి ఒక్క గోలైనా చేయకుండా తిరిగి వచ్చింది. ఆ సీనియర్ జట్టులో 2017 నాటి సురేశ్, రాహుల్, లాలెంగ్మావియా ఉన్నారు; అర్జెంటీనాపై గోలు కొట్టిన దీపక్ టాంగ్రీ, వియత్నాంపై గోలు కొట్టిన విక్రమ్ ప్రతాప్ కూడా ఉన్నారు. కాబట్టి ఆ కుర్రాళ్లు మాయమైపోయారని అనలేం. వాళ్లు పెరిగారు, జాతీయ జట్టు దాకా వచ్చారు. అయితే అవతలి దేశాల్లోని వాళ్ల ఈడువాళ్లు పదిహేడు నుంచి ఇరవై ఒకటి మధ్య నాలుగేళ్లలో పెరిగినంత వీళ్లు పెరగలేదు. ఉజ్బెకిస్తాన్ 2012లో అండర్-16, 2023లో అండర్-20, 2025లో అండర్-17 ఆసియా కప్పులు గెలిచి, ఆ పిల్లలనే పెద్దలుగా మలుచుకుని 2026 ప్రపంచకప్‌కు అర్హత సాధించింది.

ఆ నాలుగేళ్లలో మన కుర్రాడికి ఏం దొరుకుతోంది? ఒకప్పుడు ఇండియన్ యారోస్ అనే జట్టు ఉండేది. జాతీయ సమాఖ్య 2010లో స్థాపించి, మధ్యలో మూసి, 2017 ప్రపంచకప్ ముగియగానే ఆ కుర్రాళ్ల కోసమే మళ్లీ తెరిచిన జట్టు అది. విదేశీయులు లేకుండా, అందరూ మన కుర్రాళ్లే, జాతీయ స్థాయి ఐ-లీగ్‌లో అనుభవజ్ఞులైన పెద్దలతో వారం వారం ఆడేవారు. 2017 నవంబరులో తమ మొదటి ఆటలోనే చెన్నై సిటీని 3-0తో ఓడించి, ఆ సీజన్ చివరికి పట్టికలో అడుగున నిలిచారు. అడుగున నిలవడం నాకు ఎన్నడూ తప్పుగా అనిపించలేదు. పదిహేడేళ్ల పిల్లవాడు ముప్ఫై ఏళ్ల డిఫెండర్‌తో భుజం భుజం తాకి నేర్చుకునే పాఠం ఏ శిబిరంలోనూ దొరకదు. 2022లో ఆ జట్టును మూసేశారు. ఇండియన్ సూపర్ లీగ్‌లో నలుగురు విదేశీ ఆటగాళ్లను ఒకేసారి దించే వీలుంది. ఏ క్లబ్ అయినా ముందుగా వాళ్లను ఉంచేది గోలు కొట్టే చోట, ఆటను నడిపించే చోట. పదహారేళ్లప్పుడు గోలులు కొట్టిన మన కుర్రాడు పంతొమ్మిదేళ్లప్పుడు బెంచీ మీద కూర్చుంటాడు. జాతీయ జట్టుకు గోలు కొట్టేవాడు దొరకడం లేదన్న ఫిర్యాదు వినిపించిన ప్రతిసారీ నాకు ఆ బెంచీయే గుర్తుకొస్తుంది.

మన తెలుగు రాష్ట్రాల మాట కూడా చెప్పుకోవాలి. 2017 నాటి ఇరవై ఒక్క మంది జట్టులో ఎనిమిది మంది మణిపూర్ నుంచి వచ్చారు; కెప్టెన్ అమర్‌జిత్, గోలు కొట్టిన జీక్సన్ థౌబల్ జిల్లాకు చెందినవారు, వరసకు అన్నదమ్ములు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి ఒక్కరూ లేరు. రహీమ్ సాబ్ నగరం నుంచి ఒక్కరూ లేరు. మహిళల విభాగంలో నిజామాబాద్ జిల్లా బిడ్డ గుగులోత్ సౌమ్య జాతీయ జట్టులో మెరుస్తుండడం నాకు పెద్ద ఊరట. మగపిల్లల వైపు ఆ మాత్రం వెలుగు కూడా కనిపించడం లేదు.

2025 నవంబరు 30న అహ్మదాబాద్‌లో మన అండర్-17 జట్టు, అదే బిబియానో శిక్షణలో, ఆసియా కప్ అర్హత కోసం తప్పక గెలవాల్సిన ఆటలో ఒక గోలు వెనకబడి కూడా 2-1తో గెలిచింది. ఎదురుగా ఉన్నది ఇరాన్. బ్యాంకాక్‌లో కప్పు పంచుకున్న ఇరాన్‌నే యాభై ఒక్క ఏళ్ల తరువాత ఓడించిన ఆ ఆటను పెదనాన్నగారితో కలిసే చూశాను. రెండో గోలు పడగానే ఆయన అలవాటు ప్రకారం గడియారం చూసుకున్నారు. ఆ తరువాతి నిమిషం గడిచింది, దాని తరువాతిదీ గడిచింది. బంతి మన పిల్లల కాళ్ల దగ్గరే ఉంది.

ఆ జట్టులోని వాళ్లు 2009లోనూ, ఆ తరువాతా పుట్టినవాళ్లు. వాళ్లలో పెద్దవాళ్లకు 2029లో ఇరవయ్యేళ్లు నిండుతాయి. అహ్మదాబాద్‌లో ఆడిన ఆటగాళ్ల పేర్లన్నీ ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకున్నాను. ప్రతి సీజన్ చివర ఒక్కో పేరు ఎదురుగా, ఆ ఏడాది ఏ క్లబ్‌కు ఎన్ని నిమిషాలు ఆడాడో రాస్తాను.