ఏటికొప్పాకలో ఫాల్గుణ మాసం

ఫాల్గుణ పౌర్ణమి వెళ్లిన మూడో రోజున యలమంచిలి స్టేషన్‌లో దిగి ఏటికొప్పాకకు ఆటోలో వెళుతున్నప్పుడు, ఈసారి అక్కడ ఉన్నన్నాళ్లూ పూల గురించే రాసుకోవాలని గట్టిగా అనుకున్నాను. ఆకంతా రాల్చేసి ఒళ్లంతా ఎర్రగా పూసిన మోదుగ చెట్లు దారిలో అక్కడక్కడా కనిపిస్తుంటే, మామిడి తోటల్లో పూత రాలి ఆవగింజంత పిందెలు తేలుతుంటే, ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. తీరా ఊరికి చేరి, లక్క బొమ్మలు చేసేవారి మధ్య పది రోజులు గడిపాక, వసంతంలో వారు పూల వైపు దాదాపు చూడనే చూడరని తెలిసింది. వారి చూపంతా కాయల మీద, గింజల మీద, ఆకుల మీద, నీడలో ఆరుతున్న కర్రల మీద ఉంటుంది.

తెలియని వారి కోసం రెండు మాటలు. ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు. విశాఖపట్నానికి 60 కిలోమీటర్ల పైచిలుకు దూరం. చిన్నప్పుడు మనం ఆడుకున్న లక్కపిడతలు, బొంగరాలు, కుంకుమ భరిణెలు ఇక్కడివే. కొండపల్లి బొమ్మను తెల్లపొణికి కర్రతో చెక్కి, అతికి, కుంచెతో రంగు వేస్తారు. ఏటికొప్పాక బొమ్మ అలా కాదు. ఇది అంకుడు కర్రను లేత్ మీద, అంటే కర్రను గిరగిరా తిప్పే యంత్రం మీద, తిప్పుతూ, ఉలితో చెక్కి, తిరుగుతుండగానే లక్క పట్టించిన బొమ్మ. కుంచెతో పని లేదు. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

నేను రోజూ వెళ్లిన పనిశాల ఊరి చివర ఉంది. రెండు రేకుల పాకలు, వాటి వెనుక అరెకరానికి కాస్త తక్కువ తోట. ఫాల్గుణంలో అక్కడ పని తెల్లవారకముందే మొదలవుతుంది, ఎందుకంటే పదకొండు దాటితే రేకుల కింద కూర్చోవడం కష్టం. నేను ఆరు గంటలకు వెళ్లేసరికే ఇద్దరు ఆడవాళ్లు వాకిలి ఊడ్చి, నిన్నటి కర్ర పొట్టును గోనె సంచుల్లోకి ఎత్తుతూ ఉండేవారు. ఆ పొట్టు తోటలో మొక్కల మొదళ్లకు వెళుతుంది. తేమ ఆరిపోకుండా కప్పుతుందట. తెల్లని, మెత్తని పొట్టు అది. ఆ తోటలో నడిస్తే పాదాలకు బియ్యపు తవుడు అంటుకున్నట్టు ఉండేది.

పొద్దున్నే అక్కడి పెద్దాయన చేసే మొదటి పని పూలు చూడడం కాదు, కర్ర చూడడం. గోడ పక్క నీడలో పేర్చిన అంకుడు కొమ్మల చివరలను ఒక్కొక్కటిగా బొటనవేలితో తడిమేవారు. శీతకాలంలో కర్ర నెమ్మదిగా ఆరుతుంది, నష్టం లేదు. ఫాల్గుణం దాటాక పడమటి గాలి వేడెక్కితే పైపొర ముందే ఆరిపోయి, లోపల పచ్చిగానే ఉండి, చివరల్లో నెర్రెలు విచ్చుతాయి. అందుకని గాలి వచ్చే వైపు తడి గోనెలు వేలాడదీశారు. పచ్చి కర్రను తొందరపడి లేత్ ఎక్కిస్తే బొమ్మ చేసిన రోజున బాగానే ఉంటుంది, నెల తిరిగేసరికి కర్ర కుంచించుకుపోయి పైనున్న లక్క పెచ్చులు లేస్తుంది. ఉగాదికి, పెళ్లిళ్లకు కానుకల గిరాకీ ఉండే ఈ రోజుల్లోనే ఆరని కర్రతో సరిపెట్టుకోవాలన్న ఆశ కూడా ఎక్కువగా ఉంటుంది. వసంతంలో ఆ పాకలో జరిగే అసలు పోరాటం గిరాకీకీ, ఆరుదలకూ మధ్యనే అని నాకు అనిపించింది.

లక్క సంగతి ఇంకా వింతగా ఉంటుంది. మోదుగ పువ్వును చూసి నేను మురిసిపోయాను గదా. ఆ పువ్వును నీళ్లలో మరిగిస్తే పసుపు రంగు దిగుతుంది, హోలీకి వాడతారు. కానీ బొమ్మకు కావలసింది ఆ చెట్టు పువ్వు కాదు, కొమ్మ. మోదుగ, రేగు, కుసుమ చెట్ల లేత కొమ్మల మీద బతికే లక్క పురుగు తన చుట్టూ స్రవించుకునే గూడే లక్క. దాన్ని గీకి, దంచి, కడిగితే ఎర్రని నీరు దిగుతుంది. మన పెద్దవాళ్లు పాదాలకు పెట్టుకున్న లత్తుక ఆ ఎరుపే. మిగిలిన గింజ లక్కను కరిగిస్తే బొమ్మలకు పనికివచ్చే లక్క తయారవుతుంది. దేశంలో లక్క ఎక్కువగా జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి వస్తుంది. పాండవులను లక్క ఇంట్లో పెట్టి కాల్చాలని దుర్యోధనుడికి ఎందుకు తోచిందో, కుంపటి మీద ఒక ముద్ద ఎంత త్వరగా మెత్తబడి కారుతుందో చూసిన తర్వాత నాకు బాగా అర్థమైంది.

కుంపటి పక్కన కూర్చునేది ఒక నడివయసు మనిషి. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. వేడికి మెత్తబడిన లక్కలో రంగు పొడి కలిపి, జీళ్ల పాకం లాగినట్టు సాగదీసి, మడిచి, మళ్లీ సాగదీసి, రంగు సమంగా కలిసిన తర్వాత బద్దలుగా చేసి ఆరబెడుతుంది. ఆ బద్దను లేత్ మీద తిరుగుతున్న కర్రకు ఆనించి పట్టుకుంటే, రాపిడి వేడికే లక్క కరిగి కర్రను అంటుకుంటుంది. నాకూ ఒకసారి పట్టుకోనిచ్చారు. నేను భయపడుతూ ఆనించాను, చారలు చారలుగా పడింది. పెద్దాయన నవ్వి, "గట్టిగా ఒత్తితే మాడిపోద్ది, మెల్లగా ఒత్తితే జారిపోద్ది. మద్దిన ఏదో ఉంటాదమ్మా, అది సెయ్యికే తెలుత్తాది" అన్నారు. నా చేతికి పది రోజుల్లోనూ తెలియలేదు.

ఆ తర్వాత మెరుపు తెచ్చేది మొగలి ఆకు. ఇక్కడ కూడా అదే వరస: మొగలి పువ్వు వాసన గురించి, దాని పొదలో పాములుంటాయన్న మాట గురించి మనకు ఎన్ని కబుర్లో, కానీ ఈ పాకలోకి ఆ పువ్వు రానేరాదు. ముళ్ల అంచులు చీల్చి పారేసిన ఆకును మడిచి, లక్క పట్టిన కర్ర తిరుగుతుండగా అదిమితే, ఎగుడుదిగుడుగా ఉన్న పూత సమంగా సర్దుకుని అద్దంలా మెరుస్తుంది. గుడ్డతో రుద్దినా, కాగితంతో రుద్దినా ఆ నునుపు రాదట. తోటకు కంచెగా వేసింది మొగలి పొదలనే. పశువులు రాకుండా ఉంటాయి, ఆకూ చేతికి అందుతుంది.

తోట గురించి చెప్పడానికి ఇంత దూరం రావలసి వచ్చింది. ఎనిమిది దాటాక పాకలో లేత్‌ల చప్పుడు నిలకడగా సాగుతుంటే నేను వెనక్కి వెళ్లిపోయేదాన్ని. పూలతోట అనుకుని వెళ్లినవారికి అది నిరాశ కలిగిస్తుంది. మూడు వరసల జాఫ్రా చెట్లు, ఒక మడిలో నీలి మొక్కలు, కరివేపాకు, రెండు కానుగలు, ఒక వేప, నూతి పక్కన అరటి. కానుగకు కొత్త ఆకు వచ్చి, నూనె రాసినట్టు నిగనిగలాడుతూ, ఆ తోటలో వసంతమంటే అదొక్కటే అన్నట్టుండేది.

జాఫ్రా చెట్టుకు లేత గులాబీ రంగులో ఎంతో అందమైన పువ్వు పూస్తుంది. నేను వెళ్లేనాటికి ఆ పూలు ఎప్పుడో రాలిపోయాయి. ఇప్పుడు కొమ్మల నిండా మెత్తని ముళ్లున్న గోధుమ రంగు కాయలు, ఎండి, కొన కాస్త విచ్చుకుని. ఒక కాయను విప్పి గింజను వేళ్ల మధ్య నలిపితే వేళ్లు సింధూరం అద్దినట్టయ్యాయి. సబ్బుతో కడిగినా సాయంత్రం దాకా పోలేదు. రంగంతా గింజ పైపొరలోనే ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. వెన్నకూ జున్నుకూ పసుపు వన్నె తేవడానికి ప్రపంచమంతా వాడేది ఈ గింజనే. విశాఖ మన్యంలో దీన్ని పంటగా వేస్తారు. కాయలు కోసి, చాపల మీద ఆరబోసి, కర్రతో తట్టి, గింజలు చెరగడం ఈ నెలలో తోటలో ఎక్కువ పొద్దు తీసుకునే పని. అక్కతోపాటు చేటతో చెరుగుతూ కూర్చున్న రెండు మధ్యాహ్నాలు నాకు బొమ్మల కంటే బాగా గుర్తున్నాయి.

నీలి మొక్కలు ఇంకా జానెడే. మోట రోజుల నూతికి ఇప్పుడు చిన్న మోటారు బిగించి, రోజు విడిచి రోజు తడి పెడుతున్నారు. ఆకును ఎంత నలిపినా పచ్చగానే ఉంటుంది, నీలం జాడే కనిపించదు. కోసిన ఆకును రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆ నీటిని గాలి తగిలేలా చాలాసేపు చిలికితే అప్పుడు నీలం బయటపడి అడుగుకు దిగుతుంది. కోతకు ఇంకా కాలం ఉంది కాబట్టి నేను అది చూడలేకపోయాను. మిగతా రంగులకు కావలసినవి మన్యం నుంచి వస్తాయి: కొత్త పసుపు, కరక్కాయ, కొంత బెరడు. కరక్కాయ కషాయానికి ఇనుము తగిలితే నలుపు వస్తుంది. 1956లో విశాఖలో మొదలైన గిరిజన సహకార సంస్థ వారు చింతపండు, తేనెలతోపాటు కరక్కాయ కూడా గిరిజనుల దగ్గర కొంటారు. కొత్త చింతపండు ఉగాది పచ్చడికి, కరక్కాయ బొమ్మ కళ్లకు అన్నమాట.

ఈ ఊరి బొమ్మలకు ఒకప్పుడు రసాయన రంగులు అలవాటైపోయాయి. వాటిని వదిలించి చెట్టూ చేమా నుంచి తీసిన రంగులను లక్కలో కలపడం మళ్లీ నేర్పించడానికి ఎక్కువగా పాటుపడినవారు ఈ ఊరివారే అయిన సి.వి.రాజు గారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చంటిపిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువుకు ఏ రంగు వేయాలన్నది అందంతో తేలే ప్రశ్న కాదు కాబట్టి, ఆ పని విలువ బహుమతుల కంటే పెద్దదే. అయితే సహజమైన రంగు అన్న మాటను అంగళ్లలో వాడినంత తేలికగా వాడకూడదని నాకు స్వయంగా అనుభవమైంది. నిరుడు ఇక్కడ కొన్న పసుపుపచ్చ బొంగరాన్ని మా ఇంటి కిటికీలో పెట్టాను. పొద్దుటి ఎండ దాని మీద పడేది. వానలు వచ్చేసరికి అది పాలిపోయి ఏ రంగో చెప్పలేని స్థితికి వచ్చింది. ఈసారి దాన్ని వెంట తెచ్చి కాస్త నిష్ఠూరంగానే చూపించాను. అక్క దాన్ని తిప్పి చూసి, "సీరకి పసుపు మరక అయితే ఏటి సేత్తావు?" అని అడిగింది. ఎండలో ఆరేస్తాను, పోతుంది అన్నాను. "మరి?" అంది. ఆ ఒక్క మాటతో నా ఫిర్యాదు ముగిసింది. చీర మీద నేను కోరుకునే గుణాన్నే బొంగరంలో తప్పు పట్టాను. నీలి, పసుపు కలిపి చేసే ఆకుపచ్చను ఎండలో పెడితే పసుపు ముందు వెళ్లిపోయి నీలం వైపు తిరుగుతుందని కూడా ఆమే చెప్పింది.

పాకలో గోడకు ఒక ఫొటో అతికించి ఉంది: 2025 గణతంత్ర దినోత్సవం నాడు ఢిల్లీలో ఏటికొప్పాక బొమ్మలతో సాగిన ఆంధ్రప్రదేశ్ శకటం. దానికి మూడో బహుమతి వచ్చింది. నేను దాన్నే చూస్తున్నానని గమనించి పెద్దాయన, "శకటం ఢిల్లీ ఎల్లింది గానీ, కర్ర మాత్రం ఊరికి రాటం లేదమ్మా" అన్నారు. ఆ పది రోజుల్లో ఆయన ఊరుకాని వారితో చేసిన ఫిర్యాదు అదొక్కటే. అంకుడు తోటల్లో పెరిగే చెట్టు కాదు. కొండల మీద, బంజర్లలో తనంతట తాను మొలిచేది. దగ్గరి కొండల్లో తగ్గిపోయింది, దూరం నుంచి తెచ్చుకుంటే ఖర్చు. కర్ణాటకలోని చెన్నపట్నం లక్క బొమ్మలకూ ఈ చెట్టే ఆధారం. రంగుల గురించి ఎంతమంది ఎంత రాసినా, నా మట్టుకు నాకు, ఈ కళకు అసలు దిగులు రంగు కాదు, కర్ర. కొమ్మలు నరికినా మోడు మళ్లీ చిగురించే చెట్టు అది; వేరు మిగలనిస్తే చాలు.

మరి తోటలో అంకుడు లేదా అంటే, ఉంది. మొగలి కంచె మూలన ఒకే ఒకటి, బొమ్మకు ఎప్పుడూ నరకని చెట్టు. నేను వచ్చిన రోజున ఆకు లేక బోడిగా, పోయిన ఏటి కాయలు మాత్రం వేలాడుతూ కనిపించింది. వారం తిరిగేసరికి లేత చిగురు వేసింది. ఈ చెట్టు ఆకు నుంచి కూడా ఒకప్పుడు నీలం తీసేవారు. శాస్త్రీయ నామంలో రంగులద్దేది అన్న అర్థం వచ్చే మాట ఉన్నది అందుకే. బొమ్మకు ఒళ్లిచ్చే చెట్టులోనే రంగు కూడా ఉందని ఆ ఊళ్లో చెబితే చిన్నవాళ్లు ఆశ్చర్యపోయారు, పెద్దాయన ఆశ్చర్యపోలేదు. తెల్లని, మల్లె వంటి పూలు ఇంకో నెలకు వస్తాయని, వాటికి మంచి వాసన ఉంటుందని చెప్పారు. నేను వెళ్లిపోయాక, అన్నమాట.

అంకుడు కాయలు జంటగా ఉంటాయి. రెండు సన్నని చిక్కుడుకాయలను కొనల దగ్గర అతికించినట్టు. ఎండి విచ్చిన కాయలో ప్రతి గింజకూ ఒక చివర తెల్లని దూది కుచ్చు ఉంటుంది, గాలికి ఎగిరిపోతుంది. బయలుదేరే ముందు రోజున, గాలి లేని వేళ చూసి, అక్క తన కొంగు పట్టగా నేను నాలుగు కాయలు దులిపాను. గింజల్లో సగం ఆమె నూతి పక్కన, అరటి నీడలో, కర్ర పొట్టు కలిపిన మట్టి సంచుల్లో నాటింది. మిగతా సగం కాగితంలో పొట్లం కట్టి నాకిచ్చింది. ఉగాది నాడు పచ్చడి కలిపి, ఆ పొట్లం విప్పి, మేడ మీద కుండీలో పెట్టాను. ఇవాళ్టికి పన్నెండో రోజు. మూడు మొలిచాయి, ఒకదాని తల మీద ఆ దూది కుచ్చు ఇంకా అలాగే ఉంది.