రిఫర్ చీటీలో కనపడని గంటలు

మందస కొండల దిగువనున్న ఊరి నుంచి విశాఖ కేజీహెచ్ (అక్కడి ప్రభుత్వ పెద్దాసుపత్రి) చేరేలోగా ఒక రోగి కనీసం నలుగురు నర్సుల చేతులు మారాలి. ఉపకేంద్రంలో ఏఎన్ఎం (ఊళ్లు తిరిగే నర్సు), పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) స్టాఫ్ నర్సు, పలాసలోనో టెక్కలిలోనో లేబర్ రూమ్ సిస్టరు, శ్రీకాకుళం జీజీహెచ్‌లో (ప్రభుత్వ బోధనాసుపత్రిలో) క్యాజువాలిటీ సిస్టరు. జబ్బు పేరేమిటో, ఎందుకు పంపుతున్నారో డాక్టరు రాస్తారు. సూది ఎన్ని గంటలకు పడింది, ఏ పిరుదుకు పడింది, ఆఖరిసారి మూత్రం ఎప్పుడైంది, వెంట వచ్చింది అత్తా తల్లా అన్నవి మాత్రం నర్సుకే తెలుసు. ఆ సంగతులు రోగితోపాటు బండెక్కకపోతే పై ఆసుపత్రిలో రెండింట్లో ఒకటి జరుగుతుంది. ఇచ్చిన మందే మళ్లీ ఇస్తారు, లేదా ఇచ్చేసి ఉంటార్లే అని వదిలేస్తారు.

పుస్తకంలో లెక్క తేటగానే ఉంటుంది. మైదానంలో 5,000 మందికి, కొండ ప్రాంతంలో 3,000 మందికి ఒక ఉపకేంద్రం. 30,000 మందికి, కొండల్లో అయితే 20,000 మందికి ఒక పీహెచ్‌సీ. దాని పైన 30 పడకల సీహెచ్‌సీ (సామాజిక ఆరోగ్య కేంద్రం). డ్యూటీలో అక్కరకొచ్చే లెక్క ఇది కాదు, ఎవరు ఎవరి కింద పనిచేస్తున్నారన్నది. ఉపకేంద్రం, పీహెచ్‌సీ జిల్లా వైద్య ఆరోగ్య అధికారి (డీఎంహెచ్ఓ) కింద. సీహెచ్‌సీ, ఏరియా ఆసుపత్రి జిల్లా ఆసుపత్రి సేవల సమన్వయాధికారి (డీసీహెచ్ఎస్) కింద. బోధనాసుపత్రి వైద్య విద్యా సంచాలకుల (డీఎంఈ) కింద. ఒకే జిల్లాలో మూడు కాపురాలు, ఎవరి రిజిస్టర్లు వాళ్లవి, ఎవరి ఇండెంట్లు వాళ్లవి. పీహెచ్‌సీ సిస్టరుకి జీజీహెచ్ వార్డు మీద ఏ అజమాయిషీ లేదు. ఉన్నదల్లా ఒక చీటీ, ఒక ఫోను. 2022 ఏప్రిల్‌లో సీతంపేట, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలో కలిశాయి. కాగితం మీద జిల్లా మారింది గానీ రోగులు నడిచే దారి అంత తేలిగ్గా మారదు. అటువైపు నుంచి శ్రీకాకుళం వచ్చేవాళ్లు ఇప్పటికీ వస్తున్నారు. కాబట్టి ఏ జిల్లా అని కాక ఏ బండి ఎంతసేపట్లో ఎక్కడికి చేరుతుందో తెలిసి ఉండాలి.

బీపీ పెరిగిన గర్భిణి విషయంలో చీటీ ఎంత పనిచేస్తుందో చూడండి. 160/110 దాటి, మూత్రంలో ప్రోటీను కనపడి, తలనొప్పి, కళ్లు మసకలు, రొమ్ము కింద నొప్పి అంటే పంపక తప్పదు. పంపేముందు ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు పడాలి. రెండు పిరుదులకూ 5 గ్రాముల చొప్పున మొత్తం 10 గ్రాములు, కండలోకి లోతుగా. 50 శాతం మందున్న 2 మి.లీ. ఆంపూల్‌లో 1 గ్రాము ఉంటుంది కాబట్టి పిరుదుకు ఐదు ఆంపూల్స్, 10 మి.లీ. నొప్పి తగ్గడానికి అదే సిరంజిలో 2 శాతం లిగ్నోకైన్ 1 మి.లీ. కలుపుతారు. సూది 22 గేజి, ఒకటిన్నర అంగుళం. తప్పు ఎక్కువగా ఆంపూల్ దగ్గరే దొర్లుతుంది. బజార్లో 25 శాతం ఆంపూల్స్ కూడా ఉన్నాయి. వాటిలో అర గ్రామే. స్టాకు మారిన వారం ఎవరూ లేబుల్ చదవరు, పది ఆంపూల్స్ లెక్కపెట్టి ఎక్కించేస్తారు. పడింది సగమే. దారిలో ఫిట్స్ వస్తే నేరం 108 మీద పడుతుంది.

రెండో తప్పు టైముది. మొదటి డోసు తర్వాత నాలుగేసి గంటలకు 5 గ్రాములు, ఒకసారి ఈ పిరుదుకు, మరోసారి ఆ పిరుదుకు. కానుపు తర్వాత గానీ ఆఖరి ఫిట్ తర్వాత గానీ, ఏది తర్వాతైతే దాని నుంచి 24 గంటల దాకా. ఉదయం 11.40కి మొదటి డోసు పడిన అమ్మాయి శ్రీకాకుళం చేరేసరికి రెండయింది. చీటీలో ‘మాగ్‌సల్ఫ్ గివెన్’ (మెగ్నీషియం ఇచ్చాం) అని ఉంది, టైము లేదు, ఎంతో లేదు. అక్కడి సిస్టరు ఏం చేయాలి? మళ్లీ మొదటి డోసు ఇస్తే మందు విషమవుతుంది. ఇవ్వకపోతే రక్షణ పోతుంది. అందుకే ప్రతి డోసుకు ముందు మూడు చూడాలి. మోకాలి చిప్ప కింద తడితే కాలు ఎగరాలి. ఊపిరి నిమిషానికి 16కి తగ్గకూడదు. గడిచిన నాలుగు గంటల్లో మూత్రం 100 మి.లీ. అయినా రావాలి. మూత్రం సంచీ ఏ టైముకి ఖాళీ చేసి పంపారో చీటీలో లేకపోతే మూడోది తేలదు. ఇది రాయడానికి పట్టేది పది సెకన్లు. విరుగుడు క్యాల్షియం గ్లూకోనేట్ 10 శాతం, 10 మి.లీ. ఆంపూల్. మెల్లగా నరంలోకి ఇవ్వాలి. మెగ్నీషియం ఇచ్చే ట్రేలో అది లేకుండా మొదటి ఆంపూల్ విరవకూడదు.

బీపీ తగ్గించే నిఫెడిపిన్ 10 మి.గ్రా. మింగించాలి. నాలిక కింద పెట్టే పాత అలవాటు కొన్ని చోట్ల ఇంకా పోలేదు. అలా చేస్తే బీపీ ఒక్కసారిగా జారిపోయి బిడ్డకు రక్తం తగ్గుతుంది. పాదాలకు నీరుందని లాసిక్స్ (మూత్రం ఎక్కువగా తెప్పించే మందు) ఇవ్వడమూ అలాంటిదే.

ఇక ఫోను. క్యాజువాలిటీకి కాదు, నేరుగా లేబర్ రూముకి చేయాలి. మాట్లాడేది అర నిమిషం, కానీ వరస తప్పకూడదు: ‘సిస్టర్‌గారూ, పీహెచ్‌సీ నుంచి స్టాఫ్ నర్సునండీ. ఇరవై రెండేళ్లమ్మాయి, తొలిచూలు, 34 వారాలు. బీపీ 170/112, మూత్రంలో ఆల్బుమిన్ (ప్రోటీను) మూడు ప్లస్‌లు, తలనొప్పి ఉంది, ఫిట్స్ రాలేదు. 11.40కి మెగ్నీషియం పది గ్రాములు పడింది, రెండు వైపులా. 11.50కి నిఫెడిపిన్ పది. మూత్రం గొట్టం వేసి 11.45కి సంచీ ఖాళీ చేశాం. పన్నెండుకి 108 బయల్దేరింది, తల్లి వెంట వస్తోంది. రక్తం గ్రూపు ఓ పాజిటివ్.’ అవతలి సిస్టరు పేరు, టైము అడిగి చీటీ మీద రాసుకోవాలి. అలా అడిగితే కొందరికి కోపం వస్తుంది, రానివ్వండి. చాలాచోట్ల డ్యూటీ మధ్యాహ్నం రెండుకి, రాత్రి ఎనిమిదికి మారుతుంది. ఒంటిగంటన్నరకి ఫోనెత్తిన సిస్టరు రెండింటికి ఇంటికెళ్లిపోతుంది, రోగి రెండుంబావుకి దిగుతుంది. ఆ సందులో కబురు పోతుంది. బండి చేరే టైము డ్యూటీ మార్పు దగ్గర పడుతుందనిపిస్తే రెండు దాటగానే మరో ఫోను చేయడమే మందు.

బండిలో ఆక్సిజన్ లెక్క నర్సే వేసుకోవాలి. బి టైపు సిలిండర్ నిండుగా ఉంటే సుమారు 1,500 లీటర్లు. నిమిషానికి 5 లీటర్ల చొప్పున అయితే ఐదు గంటలు, 10 లీటర్లయితే రెండున్నర గంటలు. పలాస నుంచి విశాఖ 180 కిలోమీటర్ల పైమాటే, హైవే మీద కూడా మూడున్నర, నాలుగు గంటలు పట్టొచ్చు. మాస్కుతో 10 లీటర్లు నడుస్తున్న రోగిని ఒక్క సిలిండర్‌తో ఎక్కిస్తే దారిలోనే అయిపోతుంది. గేజి ముల్లు సగంలో ఉంటే గ్యాసూ సగమే. ఎంత మిగిలిందో ముల్లు చూసి చెప్పగలిగితే, మధ్యలో శ్రీకాకుళంలో మార్చాలా వద్దా అన్నది బయల్దేరకముందే తేలిపోతుంది.

పాముకాటు కేసులో రాయాల్సింది ఇంకోటి. గడ్డకట్టే పరీక్షకు 2 మి.లీ. రక్తం పొడి గాజు ట్యూబులో పోసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, ఒకసారి వంచి చూడాలి. ప్లాస్టిక్ ట్యూబులో పోసినా, సబ్బునీళ్లతో కడిగిన ట్యూబులో పోసినా ఫలితం నమ్మలేం. మామూలు రక్తం కూడా గడ్డకట్టనట్టు కనపడొచ్చు. పీహెచ్‌సీలో విషవిరుగుడు ఎన్ని వయల్స్ ఎక్కాయి, ఏ టైముకి మొదలెట్టారు, ఒళ్లు దద్దుర్లు లేచాయా, అడ్రినలిన్ ఇవ్వాల్సి వచ్చిందా అన్నవి లేకుండా పంపితే పైవాళ్లు పది వయల్స్‌తో మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తుంది. జీడితోటలో కాటు పైన కట్టిన తాడు ఇంకా బిగించే ఉంటే అదీ రాయాలి. మందు మొదలు కాకముందే గబుక్కున విప్పేస్తే ఆగి ఉన్న విషం ఒక్కసారిగా పాకుతుంది.

పుట్టింటి ప్రయాణం మన దగ్గర కాగితాలకు పెద్ద గండం. తొలికానుపుకి ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మాయి కన్నవారింటికి వస్తుంది. పరీక్షలన్నీ అత్తవారి ఊరి ఉపకేంద్రంలో, కొందరికైతే వలస వెళ్లిన హైదరాబాద్‌లోనో చెన్నైలోనో జరిగి ఉంటాయి. ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల పరీక్షలు రాసే కార్డు) బీరువాలో మర్చిపోయి వస్తారు. ఏఎన్ఎం మొదట అడగాల్సింది ‘కార్డేదమ్మా’ అని కాదు, ‘మీ ఆయనకి ఫోన్ చేసి కార్డు ఫొటో తీసి పంపమనమ్మా’ అని. ఆర్‌సీహెచ్ ఐడీ (ప్రభుత్వ రికార్డులో గర్భిణికిచ్చే నంబరు) దొరికితే కొత్త నంబరు సృష్టించకుండా పాతదాన్నే కొనసాగించొచ్చు. రెండు నంబర్లయితే రెండుచోట్లా సగం సగం పరీక్షలే కనపడతాయి. కొండల మీది గర్భిణులకు సమస్య వేరు. దారే లేని ఊరి నుంచి నొప్పులొచ్చాక డోలీ కట్టడం కంటే నెల ముందే దింపి ఉంచడం మేలు. సాలూరులో పెట్టిన గర్భిణుల వసతి గృహం వెనకున్న ఆలోచన అదే. ఎవర్ని ఏ వారంలో దింపాలో లెక్క తయారుచేయాల్సింది ఏఎన్ఎం, ఆశ కార్యకర్త. ఆ లెక్క ఆఖరి నెలసరి తేదీ మీద ఆధారపడుతుంది. తేదీ గుర్తులేకపోతే ‘సంక్రాంతికి ముందా, శివరాత్రికి తర్వాతా’ అని పండగలతో అడిగితే తేలుతుంది.

పేరు తేడా ఇంకో తలనొప్పి. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, స్కాన్ రిపోర్టులో వెనక, కేస్‌షీట్‌లో ముద్దుపేరు. ఎన్టీఆర్ వైద్యసేవ కౌంటరు దగ్గర అర్ధరాత్రి ఆగిపోయేది ఇక్కడే. చీటీ మీద ఆధార్‌లో ఉన్న అక్షరాలే రాయడం అలవాటు చేసుకోవాలి.

ఉద్దానం వైపు డయాలసిస్ రోగుల దారి పైకీ కిందికీ కాదు, వారానికి రెండుమూడు సార్లు గుండ్రంగా తిరుగుతుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో సుగరూ బీపీ లేకుండానే కిడ్నీలు పాడైన వాళ్లున్నారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. డయాలసిస్ నాలుగు గంటలు. మిగతా వారమంతా ఆ రోగి ఊళ్లోనే, పీహెచ్‌సీ సిస్టరు కళ్ల ముందే ఉంటాడు. చిక్కంతా అక్కడే.

ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి చేసిన దారి) ఉన్న చేతికి బీపీ పట్టీ చుట్టకూడదు, సూది గుచ్చకూడదు. ఇంకా డయాలసిస్ మొదలు కాకపోయినా, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టాల్సిన వ్యర్థం) పెరిగినవాళ్లకి రాయని చేతి నరాల్ని ముట్టుకోకుండా అరచేతి వెనక నరాలే వాడాలి. ఈ రోజు పాడుచేసిన నరంతోనే రేపు ఫిస్టులా చేయాల్సి వస్తుంది. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్ ఇంజక్షన్ వద్దు. ‘నీరసంగా ఉందమ్మా, ఒక సీసా ఎక్కించండి’ అని బతిమాలతారు. మూత్రం రాని మనిషికి ఎక్కించిన సీసా ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది, అర్ధరాత్రి ఆయాసంతో లేస్తాడు. ఎక్కించేముందు నిన్నటి బరువు, ఇవాళ్టి బరువు అడిగితే చాలు. కొబ్బరితోటల మధ్య ఊళ్లో బోండాం వద్దని చెప్పడం కష్టమే. దాహానికి ఎవరింటికెళ్లినా అదే చేతిలో పెడతారు. ఒక బోండాం నీళ్లలో అర గ్రాముకు పైగా పొటాషియం ఉంటుంది, అది కిడ్నీ వడకట్టలేని మనిషి గుండెను పట్టుకుంటుంది. అందుకని రోగికి చెప్పి ఊరుకోకుండా ఇంటామెకు, వీలైతే పక్కింటి వాళ్లకు కూడా చెప్పాలి. రోజూ పొద్దున్నే ఫిస్టులా మీద వేలు పెట్టి జివ్వుమంటోందో లేదో చూసుకోమనాలి. ఆగిపోతే మర్నాటి దాకా ఆగకుండా అదే గంటలో డయాలసిస్ యూనిట్‌కు ఫోను. వేరే ఊళ్లో పెళ్లికి వెళ్లి అక్కడ ఒక పూట డయాలసిస్ చేయించుకోవాలంటే హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ తాజా రిపోర్టులు, పొడి బరువు (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు) రాసిన కాగితం సంచీలో ఉండాలి. అవి లేకపోతే ఏ మెషీన్ మీద పడుకోబెట్టాలో అక్కడివాళ్లకు తెలియదు. ఇచ్ఛాపురం వాళ్లకి బ్రహ్మపుర దగ్గర, అటు వెళ్లొచ్చినవాళ్ల కాగితాలు కొన్నిసార్లు ఒడియాలో ఉంటాయి. మందుల పేర్లు, మోతాదులు ఆ రోజే చదివించుకుని తెలుగులో రాసిపెట్టుకోవాలి.

పైకి పంపినంత శ్రద్ధ కిందికి దింపేటప్పుడు కనపడదు. బీపీతో కానుపైన అమ్మాయి ఐదో రోజున డిశ్చార్జి అవుతుంది. కానుపు తర్వాత బీపీ సాధారణంగా మూడు నుంచి ఆరో రోజు మధ్య మళ్లీ పైకి లేస్తుంది, అంటే సరిగ్గా ఇంటికి చేరిన రోజుల్లోనే. ఆశ బిడ్డను చూడ్డానికి 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వెళ్తుంది, బిడ్డను తూచి వస్తుంది. అదే గుమ్మంలో తల్లికి బీపీ కూడా చూడమని ఏఎన్ఎంకి ఎవరు చెప్పాలి? డిశ్చార్జి కాగితం ఆమెకు చేరదు, రోగి చేతిలో ఉంటుంది, రోగి పుట్టింట్లో ఉంటుంది. వార్డు సిస్టరు డిశ్చార్జి రాసేటప్పుడే అమ్మాయి ఇప్పుడు ఉండబోయే ఊరు ఏదో, ఆ ఉపకేంద్రం ఏఎన్ఎం నంబరు ఏదో కాగితం మీద రాసి, ఒక ఫొటో తీసి ఆమెకు పంపితే సరిపోతుంది. అందులో బీపీ మాత్ర పేరు, మి.గ్రా., రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని రోజులకు సరిపడా ఇచ్చారు అన్న నాలుగూ ఉండాలి. ఏడు రోజులకే ఇచ్చి ఉంటే ఎనిమిదో రోజుకి పీహెచ్‌సీ ఫార్మసీలో అదే మాత్ర ఉందో లేదో ఏఎన్ఎం మూడో రోజునే చూసుకోవచ్చు. లేకపోతే డాక్టరుగారిని అడిగి ఉన్న మందుకి మార్పించుకోవడానికి నాలుగు రోజులు మిగులుతాయి.