పాత ఎక్స్‌జేనా, కొత్త ఎక్స్‌జేనా: కొనేముందు నేను తేల్చుకున్నది

ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో ఉండేవాళ్ళకి జాగ్వార్ మీద మనసు పడటం వింతేమీ కాదు. ఈ ఊళ్ళోని బ్రౌన్స్ లేన్ ఫ్యాక్టరీలో 1950ల మొదటి నుంచి 2005 దాకా ఆ కార్లు తయారయ్యాయి. 2008లో టాటాలు ఆ కంపెనీని కొన్నాక మన తెలుగువాళ్ళు కూడా ఆ పనుల మీద ఈ చుట్టుపక్కలకి బాగానే వచ్చారు. టివిడేల్ బాలాజీ గుడి పార్కింగ్‌లో నిలబడితే కొత్త మోడళ్ళ కబుర్లు తెలుగులోనే వినొచ్చు. నేను ఆ కంపెనీలో పనిచేయను, నాకు కావాల్సింది కొత్త మోడలూ కాదు. సెకండ్ హ్యాండ్‌లో ఆ కంపెనీవాళ్ళ పెద్ద సెడాన్, ఒక మంచి ఎక్స్‌జే కావాలి, అంతే. తీరా వెతకడం మొదలుపెట్టాక, ధర సంగతి తర్వాత, అసలు ఏ ఎక్స్‌జే కావాలో ముందు తేల్చుకోవాల్సి వచ్చింది.

ఎక్స్‌జే అన్న ఒక్క పేరు మీద రెండు పూర్తిగా వేరు కార్లు దొరుకుతాయి. 2003లో వచ్చిన దాన్ని అభిమానులు ఎక్స్350 అంటారు. ముందు నాలుగు గుండ్రటి లైట్లు, వాటి మీదుగా బానెట్ పొడవునా లేచిన గట్లు, క్రోమ్ గ్రిల్, వెనక్కి పోయేకొద్దీ కిందికి వాలే డిక్కీ. 1968 నాటి మొదటి ఎక్స్‌జే6 తెలిసినవాళ్ళు దీన్ని చూడగానే చుట్టరికం పట్టేస్తారు. రెండోది ఎక్స్351. 2009లో లండన్‌లోని సాచీ గ్యాలరీలో ఆవిష్కరించి, 2010 నుంచి అమ్మారు. అందులో ఈ పాత గుర్తులు ఒక్కటీ లేవు. సాగదీసిన లైట్లు, పెద్ద మెష్ గ్రిల్, కూపేలా వెనక్కి జారే పైకప్పు, వెనక అద్దానికి రెండు పక్కలా నిగనిగలాడే నల్ల పలకలు, నిలువుగా కిందికి దిగే టెయిల్ లైట్లు. ఆ నల్ల పలకల దగ్గర ఇక్కడి అభిమానులు ఇప్పటికీ రెండు పార్టీలే.

నేను పాతదాని పార్టీలోనే ఉండేవాణ్ణి. కానీ ఫోటోలు చూసి తీర్మానం చేయదలచుకోలేదు. దానికి కారణం సర్ విలియం లయన్స్. జాగ్వార్‌ని నిలబెట్టిన ఆయన కాగితం మీద బొమ్మ గీసి కారు రూపం తేల్చే మనిషి కాదు. రేకు పనివాళ్ళతో నిజం సైజులో నమూనా చేయించి, లెమింగ్టన్ దగ్గర వాపెన్‌బరీ హాల్ అనే తన ఇంటికి తెప్పించుకుని, ఆరుబయట పగటి వెలుగులో చుట్టూ తిరిగి చూసేవారు. ఇక్కడ కాస్త తగ్గించండి, అక్కడ కాస్త లేపండి అని మార్పులు చేయించేవారు. కారును పెద్దాయన చూసినట్టే చూద్దామనుకున్నాను. ఆరుబయట, కాస్త దూరం నుంచి, మొదట పక్క నుంచి చూసి, ఆ తర్వాతే ముఖం.

గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఆవరణలో ఎండాకాలం పాత కార్లవాళ్ళు కలుస్తుంటారు. అక్కడ ఒక వరసలో తొలి తరం ఎక్స్‌జే6, దానికి నాలుగు కార్ల అవతల ఒక ఎక్స్350 కనిపించాయి. ముప్ఫై అడుగుల దూరం పోయి చూశాను. 1968 కారు ఎత్తు 1.34 మీటర్లే. నడుము ఎత్తులో నుంచి గాజు మొదలై, పైకప్పు పల్చగా దాని మీద వాలి ఉంటుంది. మీద క్రోమ్ కూడా ఎక్కువ లేదు. దాని అందమంతా కొలతల్లోనే ఉంది. ఎక్స్350 ఎత్తు దాదాపు 1.45 మీటర్లు. లోపల మనుషులు హాయిగా కూర్చోవాలంటే ఆ పది సెంటీమీటర్లు పెరగక తప్పదు. కానీ పాత ముఖాన్ని, పాత గట్లను ఆ పెరిగిన ఒంటికి పెట్టేసరికి దగ్గర్నుంచి ఎంత ముద్దుగా ఉన్నా, దూరం నుంచి కాస్త నిక్కి నిలబడ్డట్టు ఉంది.

ఆ సాయంత్రం బయటి పార్కింగ్‌లో ఒక నల్ల ఎక్స్351 ఆగి ఉంది. దాని ఎత్తూ సుమారు అంతే, 1.45 మీటర్లే. చక్రాల మధ్య దూరం కూడా రెండింటికీ దాదాపు సమానం, మూడు మీటర్లు దాటి ఒక మూడు సెంటీమీటర్లు. అయినా అది నేలకు అతుక్కుని ఉన్నట్టుంది. గాజు పట్టీ సన్నం, పైకప్పు గీత ఎక్కడా తెగకుండా డిక్కీ దాకా జారిపోతుంది. ఆ గీత తెగకూడదనే ఆ నల్ల పలకలని అక్కడ నిలబడ్డప్పుడే నాకు అర్థమైంది. గాజు వెనక్కి చుట్టుకుపోయినట్టు కనిపించాలి, మధ్యలో రంగు వేసిన రేకు అడ్డురాకూడదు.

అందుకే ఎక్స్351 గీయించిన ఇయాన్ కలమ్‌ని తిట్టేవాళ్ళతో నేను ఏకీభవించను. స్కాట్లండ్‌లో పుట్టిన ఆయన పద్నాలుగేళ్ళప్పుడే తను గీసిన కార్ల బొమ్మలు జాగ్వార్‌కి పోస్టులో పంపాడు. ఆ కంపెనీ మీద ఆయనకు ప్రేమ లేదని ఎలా అంటాం? ఎక్స్351 లయన్స్ సంప్రదాయానికి ద్రోహం అన్న మాటను కూడా ఒప్పుకోను. లయన్స్ తన పాత కారును మళ్ళీ చేసిన మనిషి కాదు. 1959 మార్క్ 2 పక్కన 1968 ఎక్స్‌జే6ని పెట్టి చూడండి, ఆ రోజుల్లో అది ఎంత కొత్తో తెలుస్తుంది. నిజానికి వింత సంగతి ఎక్స్350లోనే ఉంది. అల్యూమినియం బాడీ, వెల్డింగ్‌కి బదులు మూడు వేలకు పైగా రివెట్లూ ఎపాక్సీ జిగురూ, దానికి ముందరి స్టీలు బాడీ కన్నా దాదాపు 40 శాతం తేలిక. తన కాలానికి అంత ముందున్న కారుకు ముప్ఫై ఐదేళ్ళ కిందటి బట్టలు తొడిగారు. షోరూంకి వచ్చినవాళ్ళకి బట్టలే కనిపించాయి, లోపలి ఒళ్ళు కనిపించలేదు.

ఇంతవరకూ చదివితే నేను ఎక్స్351 కొన్నాననే అనుకుంటారు. నేనూ అదే ఉద్దేశంతో బర్మింగ్‌హామ్ వైపు ఒక డీలర్ దగ్గరికి వెళ్ళాను. 2016 నాటి డీజిల్. అప్పుడు మా దగ్గరికి వచ్చి ఉన్న నాన్న వెనక సీట్లో కూర్చున్నారు. ఆయన గుంటూరులో చాలా ఏళ్ళు అంబాసిడర్ నడిపిన మనిషి. అదీ బ్రిటన్ మారిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టిన బండే కాబట్టి ఈ విషయంలో ఆయన మాటకు నేను విలువిస్తాను.

స్టార్ట్ బటన్ నొక్కగానే గేర్ల కోసం ఒక గుండ్రటి మీట కన్సోల్ లోంచి పైకి లేచి చేతికి అందుతుంది. ఎదురుగా అద్దం కింద ఒక డోర్ నుంచి ఇంకో డోర్ దాకా చెక్క పట్టీ చుట్టుకుని ఉంటుంది, ఇటలీ రీవా పడవల ఒరవడి అది. చాలా అందమైన పని. పైన గాజు కప్పు. డయళ్ళు మాత్రం డయళ్ళు కావు, 12.3 అంగుళాల తెర మీది బొమ్మలు. నా మనసు అక్కడే ఆగిపోయింది. 2010లో ఆ తెర అబ్బురమే అయ్యుంటుంది. ఇప్పుడు చేతిలో ఫోన్లకు అలవాటుపడ్డ కళ్ళకి ఆ నీడలూ ఆ అక్షరాలూ ఏ ఏడాదివో ఇట్టే తెలిసిపోతున్నాయి. బయటి గీత ఒక్క రోజు కూడా పాతబడలేదు, లోపలి తెర మాత్రం పాతబడింది.

రివర్స్ తీస్తుంటే నాన్న వెనక్కి తిరిగి చూసి, "వెనకేమీ కనపట్లేదు గదరా. కెమెరా లేకపోతే ఎట్టా తీస్తావు?" అన్నారు. పైకప్పు అంత అందంగా జారాలంటే వెనక అద్దం అంత పల్చబడాలి మరి.

వారం తిరిగేలోపు కెనిల్‌వర్త్‌లో ఒక పెద్దాయన ఇంటి ముందున్న ఎక్స్350 చూడ్డానికి వెళ్ళాం. 4.2 లీటర్ల వీ8 పెట్రోల్, 55 ప్లేట్, అంటే 2005 సెప్టెంబర్‌కీ 2006 ఫిబ్రవరికీ మధ్య రిజిస్టరైనది. డోర్ తీసి కూర్చుంటే వాల్‌నట్ చెక్క, నిజం ముళ్ళు తిరిగే డయళ్ళు, ఇంగ్లీషు జే అక్షరం ఆకారంలో వంపు తిరిగిన గేర్ దారి. జే-గేట్ అనే ఆ అమరిక 1986 ఎక్స్‌జే40 నుంచి వస్తున్నదే. ఈ డ్యాష్‌బోర్డ్ 2003లోనే పాతది. పాతబడటమన్నది దానికి అప్పుడే అయిపోయింది, ఇంక కొత్తగా పాతబడేది లేదు. కిటికీ గాజు పెద్దది, కింది అంచు తక్కువలో ఉంది. వెనక కూర్చున్న నాన్న దారి పొడవునా పొలాలూ గొర్రెలూ చూస్తూ కబుర్లు చెబుతూనే ఉన్నారు. ఎక్స్351లో ఆయన అన్ని కబుర్లు చెప్పలేదు.

కారు పక్కన నిలబడి చూసేవాళ్ళకి ఎక్స్351 ఇవ్వాలి. నేను దాని లోపల కూర్చునేవాణ్ణి. నిర్ణయం అక్కడ తెగింది.

ఇక కొనడం. ఇక్కడ కొంచెం వివరంగా చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. పెట్రోల్ ఎక్స్350 కొనేవాళ్ళు ముందు చూడాల్సింది రిజిస్ట్రేషన్ తేదీ. 2006 మార్చి 23కి ముందు రిజిస్టరైన కారైతే, కార్బన్ డయాక్సైడ్ కిలోమీటరుకు 225 గ్రాములు దాటినా రోడ్ టాక్స్ ‘కే’ అనే శ్లాబు (బ్యాండ్) దగ్గర ఆగిపోతుంది. ఆ తేదీ తర్వాతదైతే ఎల్, ఎమ్ బ్యాండ్లకు పోతుంది. ఎమ్‌కి పోతే ఏడాదికి మూడు వందల పౌండ్లకు పైనే తేడా. అదే కారు, అదే ఇంజన్. 55 ప్లేట్ అంటే ఆ గీతకు ఇవతలే. ఈ విషయంలో డీజిల్ ఎక్స్351 ఇంకా చౌక, అది ఒప్పుకోవాలి. కానీ డీజిల్‌కి ఇంకో లెక్క ఉంది. బర్మింగ్‌హామ్ క్లీన్ ఎయిర్ జోన్‌లోకి వెళ్ళాలంటే డీజిల్ కారు యూరో 6 పొగ ప్రమాణానికి సరిపోవాలి, లేకపోతే రోజుకు 8 పౌండ్లు. ఎక్స్351లలో తొలి ఏళ్ళ డీజిళ్ళు అందుకు పనికిరావు. పెట్రోల్‌కి యూరో 4 చాలు. ప్రభుత్వ సైట్‌లో నంబర్ కొడితే ఈ కారుకు ఛార్జీ లేదని వచ్చింది.

ఎంఓటీ (బండికి ఏటా జరిగే తప్పనిసరి పరీక్ష) చరిత్ర ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతుంది. మైలేజీ ఏటా ఎంత పెరిగిందో, ఎప్పుడు ఏది ఫెయిలైందో అన్నీ అందులో ఉంటాయి. దాన్ని చదివితే కారు సగం తెలుస్తుంది. కారు మీద పాత లోన్ బాకీ ఏమైనా ఉందేమో కూడా డబ్బు కట్టి చెక్ చేయించాను.

పెద్దాయనను ఒకటే అడిగాను, నేను వచ్చేదాకా కారు స్టార్ట్ చేయొద్దని. ఎక్స్350కి ఎయిర్ సస్పెన్షన్. గాలి కారుతుంటే రాత్రంతా ఆగి ఉన్న కారు పొద్దుటికి ఒక మూల కిందికి దిగి ఉంటుంది. ఇంజన్ వేడెక్కి, కంప్రెసర్ గాలి నింపేశాక చూస్తే ఏమీ తెలియదు. నాలుగు చక్రాల దగ్గరా టైర్‌కీ ఆర్చ్‌కీ మధ్య వేళ్ళు పెట్టి చూశాను. అన్నీ సమంగానే ఉన్నాయి.

బాడీ చూడటం ఇంకో పని. పాత కారు డోర్ మీద అయస్కాంతం పెట్టి, అంటుకోకపోతే లోపల పుట్టీ ఉందని పట్టుకోవడం అందరికీ తెలిసిన ఉపాయం. ఇక్కడ అది పనిచేయదు, అల్యూమినియానికి అయస్కాంతం ఎక్కడా అంటుకోదు. అల్యూమినియం మీద కూడా రంగు మందం కొలిచే మీటర్ ఒకటి మిత్రుడి దగ్గర తీసుకుని ప్యానెల్ ప్యానెల్‌కీ పెట్టాను. కొలతలు ఒకేలా వచ్చాయి. ఎడమ వెనక డోర్ కింది అంచులో మాత్రం మినపగింజంత బుడగలు నాలుగైదు లేచి ఉన్నాయి. ఎర్ర తుప్పు కాదు, గోటితో గీకితే తెల్లటి పొడి. అల్యూమినియం, స్టీలు తగిలే చోట చలికాలపు రోడ్డు ఉప్పు నీళ్ళు చేరితే అల్యూమినియం ఇలా తినేయబడుతుంది. పెద్దాయనే వంగి చూపించి, "ఇది చేయించాలి, ఆ మేరకు ధరలో తగ్గిస్తాను" అన్నారు. ఇంక బేరం ఆడబుద్ధి కాలేదు.

కాగితాల పని ఇంతే. ముందురోజే ఇన్సూరెన్స్ మాట్లాడి పెట్టుకున్నాను. బ్యాంక్ నుంచి డబ్బు పంపాను. ఆయన ఇక్కడి వాహనాల రిజిస్ట్రేషన్ ఆఫీసు డీవీఎల్ఏ సైట్‌లో కారు నా పేరుకు మార్చి, రిజిస్ట్రేషన్ కాగితమైన లాగ్‌బుక్‌లోని ఆకుపచ్చ ముక్క చింపి నాకిచ్చారు. పాత ఓనర్ కట్టిన రోడ్ టాక్స్ కొన్నవాళ్ళకి రాదు, కాబట్టి ఆ ముక్క మీది నంబర్‌తో అక్కడే ఫోన్‌లో టాక్స్ కట్టి, ఆ తర్వాతే కారు కదిలించాను. లాగ్‌బుక్‌లో పేరున్నంత మాత్రాన సొంతదారు అని అర్థం కాదు, అందుకే విడిగా సంతకం చేసిన రసీదు కూడా తీసుకున్నాను. కొత్త లాగ్‌బుక్ పోస్టులో వచ్చింది.

ఇప్పుడు మిగిలింది ఆ డోర్. మామూలు డెంటింగ్ షాపులో ఇవ్వకూడదు. స్టీలు మీద వాడిన పనిముట్లే దీని మీద వాడితే ఆ రజను దిగి మళ్ళీ అక్కడే బుడగలు లేస్తాయి. అల్యూమినియానికి వేరే గదీ వేరే పనిముట్లూ పెట్టుకున్న షాపు ఒకటి లెమింగ్టన్ వైపు దొరికింది. రోడ్ల మీద ఉప్పు చల్లడం మొదలయ్యేలోపు పని అయిపోవాలని చెప్పి తేదీ తీసుకున్నాను.