ఏడో నెల పాపతో కోనసీమకి

మా పాపకి ఏడో నెల రాగానే అన్నప్రాశన ఊళ్ళోనే చేయాలని మా అత్తయ్య పట్టుబట్టారు. ఊరంటే మా ఆయన వాళ్ళది, రాజోలు దగ్గర. గోదావరి పాయలైన వశిష్ఠకీ వైనతేయకీ మధ్యన ఉంటుంది కాబట్టి ఎటు నుంచి వెళ్ళినా ఏదో ఒక పాయ దాటాల్సిందే. నిజానికి ఆడపిల్లకి బేసి నెలలో ముట్టించాలని ముందు అయిదో నెలలోనే ముహూర్తం చూశారు. పిల్లల డాక్టరుగారేమో ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే, మంచినీళ్ళు కూడా వద్దన్నారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ అదే. ఏడో నెలంటే ఆరు నిండినట్టే, బేసి నెల కూడా. అలా ఎవరి మాటా పోకుండా కుదిరింది. పసిపిల్లలున్న ఇంట్లో సగం గొడవలు ఇలాంటి దారి ఒకటి వెతుక్కుంటే తీరిపోతాయని నేను గట్టిగా నమ్ముతాను.

పురుడు మా పుట్టింట్లో జరిగింది. మూడో నెల దాటాక హైదరాబాద్ ఫ్లాట్‌కి వచ్చేశాం, అప్పటి నుంచి మేమిద్దరమే. మా ఆయనకి పాపంటే ప్రాణం, అందులో సందేహం లేదు. ఆఫీసు నుంచి రాగానే ఎత్తుకుంటారు, ఆడిస్తారు, కానీ ఏడుపు మొదలవ్వగానే "నీ దగ్గరైతే ఊరుకుంటుంది" అని నా చేతికిచ్చేస్తారు. స్నానం నేనే, గుడ్డలు మార్చడం నేనే, రాత్రి లేవడం నేనే. ఇది ఆయన ఒక్కరి సంగతి కాదు, నాకు తెలిసిన చాలా ఇళ్ళల్లో ఇంతే. మగవాళ్ళకి ఇష్టం లేక కాదు, ఎవరూ వాళ్ళ చేతిలో పెట్టి ఇలా చెయ్యాలి అని నేర్పలేదు, అంతే. ఈ ప్రయాణం గురించి రాయాలనిపించింది ముఖ్యంగా అందుకే.

నర్సాపురం ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళాం. అయిదేళ్ళలోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు, బెర్త్ కూడా ఉండదు కాబట్టి ఒక లోయర్ బెర్త్ దొరికితే చాలు, పాపని గోడ వైపు పడుకోబెట్టి నేను ఇవతల ఒరిగి పడుకున్నాను. పాలిచ్చేటప్పుడు ఆయన దుప్పటి అడ్డం పట్టుకుని నిలబడ్డారు. రైలు ఊపుకి పాప ఇంట్లో కంటే బాగా పడుకుంది.

పొద్దున్నే పాలకొల్లులో దిగాం. మామయ్యగారు కారు పంపించారు. ఊరు దాటకముందే క్షీరారామం తొమ్మిది అంతస్తుల గోపురం కనిపించింది, సరిగ్గా అక్కడే పాప గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టింది. పాల కోసం ఏడ్చిన ఉపమన్యుడనే పసివాడి కోసం శివుడు త్రిశూలం గుచ్చి పాలకొలను పుట్టించాడని ఆ గుడి స్థలపురాణం. డ్రైవరు అది గుర్తు చేసి "ఈ ఊళ్ళో పిల్లల్ని ఏడిపించకూడదమ్మా, ఇక్కడే ఆపేత్తాను ఆయ్" అని గోపురం నీడలో కారాపి, తను టీ తాగి వస్తానని దూరంగా వెళ్ళిపోయాడు. ఎంత మర్యాదగా చేశాడో! పాలిచ్చే తల్లికి కావలసింది నిజంగా అదే, ఒక పావుగంట, ఎవరూ చూడని చోటు. బస్టాండుల్లో, గుళ్ళల్లో పాలివ్వడానికి విడిగా గది ఉండటం ఇంకా అరుదే, ఉన్న చోట తాళం వేసి ఉండకపోతే అదృష్టం.

చించినాడ వంతెన మీద వశిష్ఠ దాటి దిండి వైపు దిగితే ఇక కొబ్బరి చెట్లే. మార్గశిరం కాబట్టి వరి కోతలు నడుస్తున్నాయి. కోసిన పనలు కొన్ని చేలల్లో ఇంకా ఆరుతున్నాయి, కొన్ని చోట్ల కుప్పలేశారు, రోడ్డు మీద అక్కడక్కడ ధాన్యం ఆరబోశారు. చల్లగా ఉంది, మంచు పూర్తిగా విడలేదు.

గుమ్మంలో ఎర్రనీళ్ళతో దిష్టి తీసి లోపలికి తీసుకెళ్ళారు. పది నిమిషాల్లో వీధి వీధంతా వచ్చేసింది. నాకు టెన్షన్ పట్టుకుంది, అందరూ ఎత్తుకుంటారు, మొహం మీద ముద్దులు పెడతారు, వద్దంటే కోడలికి పొగరంటారు. నేను నోరు తెరవకముందే మా అత్తయ్య అరుగు మీద చెంబుతో నీళ్ళు, సబ్బు పెట్టి "చేతులు కడుక్కున్నోళ్ళకే పిల్లనిస్తాను, ముద్దులు కాళ్ళకి పెట్టుకోండి" అని తేల్చి చెప్పేశారు. ఒక్కరు కూడా ఏమీ అనుకోలేదు. అదే మాట నేనంటే వేరేలా ఉండేది. పిల్ల విషయంలో చెప్పాల్సిన కఠినమైన మాట ఆ ఇంటి మనిషి చేత చెప్పించడం మంచిది.

మా ఆయన వాళ్ళ మామ్మగారికి ఎనభై దాటాయి. ఆ ఇంట్లో పుట్టిన పిల్లలందరికీ ఆవిడే లాల పోశారట. మర్నాడు పొద్దున పెరట్లో కాగు కింద కొబ్బరి మట్టలు పెట్టి నీళ్ళు మరిగించారు. నేను తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడ్డాను. మామ్మగారు పీట మీద కూర్చుని ఒక నిమిషం ఆగి, మనవణ్ణి కేకేశారు.

"ఒరేయ్ అబ్బాయ్, ఇలా రా. నా మోకాళ్ళు లేవట్లేదు. నువ్వు కూచో పీట మీద."

ఆయన నా వైపు చూశారు. మామ్మగారు "దాన్ని చూత్తావేంట్రా, కాళ్ళు చాపు" అన్నారు.

లుంగీ మోకాళ్ళదాకా మడిచి, కాళ్ళు రెండూ దగ్గరగా చాపి కూర్చున్నారు. ఆ కాళ్ళ మీద, తల పాదాల వైపు వచ్చేలా పాపని వెల్లకిలా పడుకోబెట్టి, మామ్మగారు పక్కనే స్టూలు మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టారు. ముందు కొబ్బరి నూనె నీ అరచేతిలో వేసుకుని రుద్దుకో, చల్లటి చెయ్యి పిల్ల మీద పెట్టకు. గుండె మీద నుంచి భుజాలకి, భుజాల నుంచి చేతులకి. నొక్కకు, నిమురు. పొట్ట మీద గుండ్రంగా. ఇప్పుడు బోర్లా తిప్పు, మొహం పక్కకి ఉందో లేదో చూసుకో. సున్నిపిండి మెత్తగా కలుపు, ఒంటి మీద ఎండిపోనివ్వకు. నీళ్ళు మోచేత్తో చూసుకో, అరచెయ్యి మొద్దుబారి ఉంటది, దానికి వేడి తెలీదు. తల మీద పోసేటప్పుడు మాత్రం ఎడమ చెయ్యి నుదుటి మీద గొడుగులా పట్టి, నీళ్ళు కళ్ళల్లోకి, ముక్కులోకి జారకుండా కొంచెం కొంచెం పోయించారు. ఆయన చేతులు మొదట్లో వణికాయి. పాప మొదట్లో ఏడ్చింది, తర్వాత వేడినీళ్ళ సుఖానికి నోరు తెరిచి ఊరుకుంది. చివర్న చెంబుడు నీళ్ళు చుట్టూ తిప్పి పోస్తూ "శ్రీరామరక్ష, నూరేళ్ళాయుష్షు" అనాలి, అది కూడా ఆయన చేతే అనిపించారు.

సాంబ్రాణి పొగ దగ్గర మాత్రం మా ఆయనే ఆగారు. పొగ పసిపిల్లల ఊపిరితిత్తులకి మంచిది కాదని డాక్టరు చెప్పారని మెల్లగా చెబితే మామ్మగారు కాసేపు ఆలోచించి, "అయితే ఎండలో ఆరబెట్టు, మాడు మీద గుడ్డ కప్పి" అన్నారు. ముక్కు నొక్కడం, చెవుల్లో నూనె వెయ్యడం కూడా వద్దన్నాం, వాటికీ పట్టుబట్టలేదు. పెద్దవాళ్ళు మొండివాళ్ళని మనమే అనుకుంటాం కానీ కారణం చెబితే వినేవాళ్ళే ఎక్కువ. అక్కడ ఉన్నన్నాళ్ళూ స్నానం ఆయనదే.

ఇంకోటి కూడా జరిగింది. మా పాప హైదరాబాద్‌లో ఉండగానే బోర్లా పడింది, మేమిద్దరం చప్పట్లు కొట్టి వీడియో తీసి పంపాం, అంతే. బోర్లా పడితే బొబ్బట్లు చేసి పంచాలి కదా, ఆ బాకీ అలాగే ఉండిపోయిందని మామ్మగారు లెక్క గుర్తు పెట్టుకుని మరీ పూర్ణం ఉడికించి వీధంతా పంచారు. పిల్ల చేసిన పనికి ఊరికి తీపి పెట్టే అలవాటు నాకు చాలా ఇష్టం. ఒక పసిపిల్ల తిరగబడటం కూడా నలుగురికీ చెప్పుకోవాల్సిన విషయమే అని దానివల్ల తెలుస్తుంది.

కొబ్బరి తోటలో ఇల్లు కాబట్టి సాయంత్రం అయితే దోమలు. దోమతెర తీసుకెళ్ళాం, లేకపోతే కష్టమే. డైపర్లు రాత్రి పూట, ప్రయాణంలో మాత్రమే వాడాం, పగలంతా మామ్మగారి పాత నూలు చీరల గుడ్డలే. వాడిన డైపర్లని ఊళ్ళో చాలామంది కాలవలోకి విసిరేస్తున్నారు, చూస్తే బాధేసింది. ధవళేశ్వరం నుంచి ఈ కాలవల్లో వచ్చే నీళ్ళే చేలకీ, మంచినీళ్ళ చెరువులకీ. మావి కవరులో మూటకట్టి, చెత్త బండి వచ్చే టౌనుకి వెళ్ళినప్పుడు ఇచ్చేశాం. కాస్త శ్రమే, కానీ చెయ్యొచ్చు.

మధ్యలో పాపకి జలుబు చేసింది. రాత్రంతా ముక్కు మూసుకుపోయి పాలు తాగలేక చిరాకు పడింది. ఒకరు వాము మూట అన్నారు, ఒకరు తులసిరసం అన్నారు. మేం పొద్దున్నే అమలాపురం బయల్దేరాం. పి.గన్నవరం దగ్గర వైనతేయ మీద అక్విడక్టు దాటాం. కింద నది, పైన కాలవ, మన ఇంటి వైపు పొలాలకి నీళ్ళు నదిని దాటుకుంటూ పైనుంచి వెళ్తుంటాయి. కొత్త అక్విడక్టుకి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆ పక్కనే లంకల గన్నవరంలో ఏ వేళప్పుడు ఎవరొచ్చినా లేదనకుండా వండిపెట్టిన తల్లి ఆవిడ, 1909లో పోయారు, ఇప్పటికీ ఈ వైపు పెద్దవాళ్ళు ఆవిడ పేరు చెప్పుకుంటారు. వేళ కాని వేళ ఒక ప్రాణానికి ఆకలి తీర్చడం ఎంత పనో, తల్లినయ్యాక నాకు బాగా తెలిసింది.

అమలాపురంలో డాక్టరుగారు ఛాతీ విని, ఇది మామూలు జలుబే, ముక్కులో సెలైన్ చుక్కలు వెయ్యండి, పాలు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు ఇవ్వండి, దగ్గు సిరప్పులు వద్దు అన్నారు. తర్వాత మా ఆయన్ని పిలిచి పాప చొక్కా పైకెత్తి, ఊపిరి ఎలా లెక్కపెట్టాలో చూపించారు. పాప నిద్రపోతున్నప్పుడు పూర్తిగా ఒక నిమిషం పొట్ట లేవడం చూస్తూ లెక్కపెట్టాలి. రెండు నెలల నుంచి ఏడాదిలోపు పిల్లలకి నిమిషానికి 50 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే, డొక్కలు ఎగరేస్తుంటే, పాలు పూర్తిగా మానేస్తే ఆలస్యం చెయ్యకుండా తీసుకురావాలి. తిరిగి వచ్చేటప్పుడు అంబాజీపేటలో పొట్టిక్కలు తిన్నాం, పనసాకు బుట్టల్లో ఉడికిన ఆ ఇడ్లీలకి ఆకు వాసన పట్టి ఉంటుంది, నాకు ఆకలి మీద స్వర్గంలా అనిపించింది. ఆ రాత్రి ఫోన్లో గడియారం పెట్టుకుని ఊపిరి లెక్కపెట్టింది ఆయనే.

జలుబు తగ్గాక అంతర్వేదిలో అన్నప్రాశన. లక్ష్మీనరసింహస్వామి సన్నిధిలో మా అన్నయ్య మేనమామ హోదాలో పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. తేనె మాత్రం వద్దని ముందే చెప్పి ఉంచాం, ఏడాది నిండని పిల్లలకి తేనె వల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. పరమాన్నం బంగారపు ఉంగరంతో నాలుక మీద రాస్తే మొహం అదోలా పెట్టి, మళ్ళీ నోరు తెరిచింది. పుస్తకం, కలం, బంగారం, పువ్వులు ముందు పెడితే అవేవీ పట్టించుకోకుండా పళ్ళెం అంచు పట్టుకుని లాగింది. అక్కడి నుంచి సముద్రం ఒడ్డుకి వెళ్ళాం కానీ గాలి ఎక్కువగా ఉంది, వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు దూరం నుంచే చూసి వచ్చేశాం. ఆ మర్నాటి నుంచి ఉగ్గు మొదలు, మధ్యమధ్యలో చక్కెరకేళి మెత్తగా చిదిపి.

బయల్దేరే ముందు రోజు మామ్మగారు మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అన్న మాట ఇక్కడ రాయాలి. "పగలు దీనికి ఊరంతా చేతులే. రాత్రి మీ ఆవిడవి రెండే. ఆ పూట నువ్వు చూడరా నాన్నా. పాలు అదిస్తది, తేన్పు తెప్పించి జోకొట్టడానికి నువ్వున్నావు కదా." నేను ఎన్నిసార్లో మనసులో అనుకుని, పోనీలే ఆఫీసుకెళ్ళాలి కదా అని నోటిదాకా రానివ్వని మాట అది.

తిరుగు ప్రయాణం సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే బళ్ళు కూడా ఎక్కించే పెద్ద పడవ, ఎక్కి వశిష్ఠ దాటి నర్సాపురం వెళ్ళాం. బళ్ళు, సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, మనుషులు అన్నీ ఒకే పంటు మీద. "పాపా, బాబా? ఎన్నో నెలమ్మా?" అని అడగని వాళ్ళు లేరు. ఆయన పాపని భుజాన వేసుకుని అందరికీ తనే జవాబు చెప్పారు, ఎప్పుడు పుట్టింది, ఏం తింటోంది, ఎన్ని గంటలు పడుకుంటుంది, అన్నీ. నేను రెయిలింగ్ దగ్గర చేతులు ఖాళీగా నిలబడ్డాను.

రైల్లో భీమవరం దాటాక పాప లేచింది. పాలిచ్చి ఆయనకిచ్చేశాను. తేన్పు వచ్చిందో లేదో, ఎప్పుడు పడుకుందో, విజయవాడ ఎప్పుడు దాటిందో నాకు తెలియదు, సికింద్రాబాద్ దగ్గర పడ్డాక ఆయనే లేపారు.