పాతబస్తీకి బయలుదేరే ముందు రెండు క్యాలెండర్లు చూడండి

చార్మినార్ చూడటానికి ఏ రోజైనా వెళ్లొచ్చు. పాతబస్తీని చూడాలంటే మాత్రం తేదీ చూసుకుని వెళ్లాలి. తెలుగు పంచాంగం, హిజ్రీ నెలలు రెండూ పక్కపక్కన పెట్టుకోండి. ఏ పొద్దున ఏ గిన్నె పొయ్యి మీద ఉంటుందో, ఏ సాయంత్రం ఏ దారి మూస్తారో ఆ రెండూ కలిస్తేనే తెలుస్తుంది.

రెండూ చంద్రుణ్ణి బట్టి నడిచే లెక్కలే. హిజ్రీ ఏడాదికి 354 రోజులు, ఒక్కోసారి 355. అందుకే రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ దాదాపు 33 ఏళ్లలో అన్ని కాలాలనూ చుట్టి వస్తుంది. 2018లో మే 17న, మండుటెండల్లో మొదలైన ఉపవాసాలు 2026 నాటికి ఫిబ్రవరిలోకి వచ్చేశాయి. పంచాంగం కూడా అలాగే జారిపోయేదే కానీ, రెండున్నరేళ్లు దాటాక ఒక అధికమాసం వచ్చి దాన్ని మళ్లీ రుతువుల దారిలో పెడుతుంది. ఇలా ఒకటి జారుతూ, ఒకటి సర్దుకుంటూ పోవడం వల్ల పండుగలు ఒకదానికొకటి ఎదురుపడుతుంటాయి. 2025లో మొహర్రం పదో రోజు జూలై 6న వచ్చింది, లాల్‌దర్వాజా బోనాలు అదే నెల 20న. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి పీర్ల పండుగ జూన్ చివర్లోనే అయిపోతుంది, బోనాలు జూలై మధ్యకు గానీ మొదలుకావు. 2023 సెప్టెంబర్ 28న వినాయక నిమజ్జనం, ప్రవక్త జయంతి అయిన మిలాద్ ఒకే రోజు పడ్డాయి. బాలాపూర్ గణేశుడు చార్మినార్ మీదుగానే హుస్సేన్‌సాగర్‌కు వెళ్లాలి. ఆ ఏడు మిలాద్ ఊరేగింపును అక్టోబర్ 1కి వాయిదా వేసుకున్నారు. పాతబస్తీ గురించి వచ్చే వార్తల్లో ఇలాంటివి పెద్ద అక్షరాల్లో రావాలని నా కోరిక.

ఇక హలీం. రంజాన్‌కు కొన్ని రోజుల ముందు నుంచే హోటళ్ల ముందు ఇటుకలు, మట్టితో భట్టీలు కట్టడం మొదలవుతుంది. భట్టీలో దేగ్ అనే పెద్ద వంటపాత్ర దించి, దాని మెడ దాకా మట్టి మెత్తుతారు. మంట అడుగు నుంచి మాత్రమే కాకుండా చుట్టూ తగులుతుంది, వేడి గంటల తరబడి ఒకే తీరుగా నిలుస్తుంది. హైదరాబాదీ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని లెక్క ప్రకారం మేక మాంసమే వాడాలి, మాంసం 10 పాళ్లకు గోధుమ 4 పాళ్లు, రాగి పాత్ర, కట్టెల మంట, 12 గంటల వంట. ఎక్కువ మంది పట్టించుకునేది నెయ్యినీ మాంసాన్నీ. నన్నడిగితే హలీం బాగోగులు తేల్చేది ఘోట్నా. నిలువెత్తు కర్ర రోకళ్లతో ఇద్దరు ముగ్గురు దేగ్ చుట్టూ నిలబడి, ఒకరి తర్వాత ఒకరు దంచుతారు. ఆ దెబ్బకు మాంసం పోగులు పోగులుగా విడిపోయి, గోధుమ జిగురుతో కలిసిపోతుంది. గరిటె ఎత్తితే సన్నటి తీగలు సాగాలి. అదే దాని గుర్తు.

ఇంట్లో చేసేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. ఓపిక లేక మిక్సీలో వేస్తారు. మిక్సీ బ్లేడు పోగును కోసేస్తుంది, విడదీయదు. పైగా గోధుమ జిగురంతా ఒక్కసారి బయటికొచ్చి కాగితాలు అంటించే మైదా జిగురులా తయారవుతుంది. బొక్క లేని మేక మాంసం కిలోకు గోధుమ రవ్వ 400 గ్రాములు తీసుకోండి. ఉప్మా రవ్వ పనికిరాదు, దొడ్డుగా విరిగిన గోధుమ కావాలి. శనగపప్పు, మినప్పప్పు, పెసరపప్పు రెండేసి చెంచాలు. రవ్వ, పప్పులు కలిపి మూడు గంటలు నానబెట్టి, రెండున్నర లీటర్ల నీళ్లలో మెత్తగా, వేలితో నొక్కితే పలుకు తగలనంతగా ఉడికించాలి. మాంసాన్ని వేరే గిన్నెలో అల్లం ఎల్లిగడ్డ ముద్ద నాలుగు చెంచాలు, పచ్చిమిర్చి పది పన్నెండు, మిరియాలు, తోకమిరియాలు, షాజీరా, యాలకులు, దాల్చినచెక్కతో రెండు లీటర్ల నీళ్లలో మూడు గంటలు సన్న సెగ మీద ఉంచాలి. కారప్పొడి వద్దు, ఘాటు పచ్చిమిర్చి, మిరియాల నుంచే రావాలి. తర్వాత రెండూ కలిపి, పప్పుగుత్తితో కనీసం 40 నిమిషాలు మెదపాలి. మధ్య మధ్యలో మొత్తం 200 గ్రాముల దాకా నెయ్యి వేస్తూ ఉండాలి. నెయ్యంతా చివర్లో కుమ్మరిస్తే కలవదు, పైన తేలుతుంది.

అడుగంటిందంటే ఆ వాసన గిన్నెంతా పాకుతుంది, దాన్ని ఏ మసాలా కప్పలేదు. గీకకుండా పైది వేరే గిన్నెలోకి తీసుకోవడం ఒక్కటే మార్గం. చల్లారితే గట్టిపడుతుంది, అప్పుడు చన్నీళ్లు పోయకండి. మాంసం ఉడికిన రసం కొంచెం దాచుకుని, వేడి చేసి పోయండి. పైన వేయించిన ఉల్లిగడ్డ, పుదీన, కొత్తిమీర, నిమ్మచెక్క.

హలీంకు మూలమైన హరీస్ తినాలంటే చాంద్రాయణగుట్ట దగ్గరి బార్కాస్ వెళ్లాలి. బ్యారక్స్ అన్న మాటే జనం నోట్లో బార్కాస్ అయింది. నిజాం సైన్యంలో పనిచేసిన యెమెన్ అరబ్బుల వారసులు అక్కడ ఉంటారు. వాళ్ల హరీస్‌లో మసాలా దాదాపు ఉండదు. గోధుమ, మాంసం, నెయ్యి, అంతే. మీఠా, ఖారా అని రెండు రకాలు. హలీం అలవాటైన నాలుకకు మొదట చప్పగా అనిపించినా, గోధుమ రుచి ఏంటో తెలిసేది అక్కడే.

రంజాన్ కాని రోజుల్లో పాతబస్తీ తిండికి సరైన వేళ తెల్లవారుజాము. నహారీ రాత్రంతా ఉడికి, ఫజర్ నమాజ్ వేళకు గిన్నె మూత తీస్తారు. ఎనిమిదిన్నర, తొమ్మిదికి వెళ్తే గిన్నె అడుగే మిగులుతుంది. పాయా, నాలుక కలిసిన ఆ షోర్వాకు వాసన ఇచ్చేది పోట్లీ. రాతిపువ్వు, వట్టివేళ్లు, ఎండు గులాబీ రేకులు, చందనం ముక్కలు, పాన్ కీ జడ్ లాంటివి పలుచటి గుడ్డలో మూటకట్టి గిన్నెలోకి దించుతారు. మూట విప్పి నేరుగా వేస్తే చేదెక్కుతుంది. దీంతో నాలుగు మూలల నాన్ తినాలి. పురానీ హవేలీ దగ్గర 1851లో మొదలైన మున్షీ నాన్ దుకాణం దానికి పేరుమోసింది. చార్ కోనీ అని అడగండి. పైన గట్టిగా, లోపల మెత్తగా ఉంటుంది కాబట్టి షోర్వాలో ముంచినా ముక్క విడిపోదు. ఇంటికి తెచ్చుకుంటే కాగితంలోనే ఉంచండి, ప్లాస్టిక్ సంచిలో ఆవిరి పట్టి తోలులా సాగుతుంది.

ఇరానీ చాయ్ గురించి ఒక్క మాట. డికాక్షన్, పాలు విడివిడిగా కాగాలి. మూత బిగించిన గిన్నెలో టీపొడి దమ్ మీద ఉంటుంది, పాలు పక్కన చిక్కబడుతుంటాయి. రెండూ కలిపి మళ్లీ మరిగిస్తే అది మామూలు చాయే. ఉస్మానియా బిస్కెట్‌లో తీపితో పాటు ఉప్పు కూడా తగలాలి.

లాడ్ బజార్‌లో గాజులు కొనేవాళ్లు సైజు తెలుసుకుని వెళ్లండి. 2-4 అంటే రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు, అంటే లోపలి వెడల్పు రెండుంపావు అంగుళాలు. 2-6, 2-8 కూడా అదే లెక్క. మట్టిగాజు కంటే లక్కగాజు మందం, అందుకే చెయ్యి ముడిచి ఎక్కించుకోవడం కష్టం. కొన్ని దుకాణాల్లో బొగ్గుల కుంపటి మీద లక్క వేడిచేసి, చేతికి కొలిచి, అక్కడికక్కడే అతికి ఇస్తారు. రెడీమేడ్ జత కన్నా అది మేలు. లక్కకు వేడి పడదు. ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే మెత్తబడి రాళ్లు రాలిపోతాయి. హైదరాబాద్ లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చార్మినార్ చుట్టూ ఎక్కడైనా గాజులు దొరుకుతాయి కానీ, చేసేవాళ్లను కళ్లారా చూసి కొనగలిగేది ఆ సందుల్లోనే.

పీర్ల పండుగ నాడు తిండి కోసం వెళ్లకండి. అది శోకదినం. డబీర్‌పురాలోని బీబీ కా అలావా నుంచి బీబీ కా ఆలం అనే పీరు ఏనుగు మీద బయలుదేరి, చార్మినార్, గుల్జార్ హౌజ్, పంజేషా, మీరాలం మండీ, దారుల్‌షిఫా మీదుగా చాదర్‌ఘాట్ చేరుతుంది. దారి పొడవునా గుండెలు బాదుకుంటూ మాతం జరుగుతుంది, రక్తం కారుతుంది. చిన్న పిల్లలను తీసుకెళ్లాలా వద్దా అని ముందే ఆలోచించుకోండి. కెమెరా పట్టుకుని వాళ్ల మధ్యకు దూరడం మర్యాద కాదు. వీధుల్లో షర్బత్ ఎవరికైనా పోస్తారు, ఎవరు ఏమిటని అడగరు. చెప్పులు విడవాల్సిన చోట విడవండి.

బోనాల వరుస గోల్కొండ జగదాంబికతో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి మీదుగా లాల్‌దర్వాజా సింహవాహినికి వస్తుంది. బోనం అంటే భోజనమే. కొత్త కుండ కడిగి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, వేపరెమ్మలు చుడతారు. లోపల పాలు, బెల్లం వేసి వండిన అన్నం, పైన మూతలో దీపం. చూడటానికి తేలిక, మోయడానికి కాదు. అన్నం జారుగా వండితే కుండ కదిలినప్పుడల్లా బరువు ఒక పక్కకు ఒరుగుతుంది, అందుకని కాస్త బిరుసుగానే దించాలి. వేడి మీద కుండలో పెడితే తల మాడుతుంది, ఆరనివ్వాలి. ప్రమిదలో నూనె అంచు దాకా పోయొద్దు, సగమే పోసి ఒత్తి లావుగా వేయాలి. ఆషాఢ గాలికి సన్నటి ఒత్తి నిలవదు, నిండుగా పోసిన నూనె మొహం మీదికి కారుతుంది. తల మీద చుట్టకుదురు మెత్తటి నూలుబట్టతో చేసుకోవాలి, పట్టుబట్ట జారుతుంది. బోనమెత్తిన ఆడబిడ్డ ఎదురైతే పాదాల మీద నీళ్లు పోయడం ఆనవాయితీ. ఆ క్షణంలో ఆమె అమ్మవారే.

బోనాల ఆదివారం లాల్‌దర్వాజా గుడి దగ్గర వరుస చాలా పొడవుంటుంది. బోనం సమర్పించాలనుకుంటే తెల్లవారకముందే చేరాలి. పోతరాజులు, తొట్టెలలు (కాగితపు ఊయలలు), ఫలహారం బండ్లు చూడాలనుకుంటే సాయంత్రం దాటాక వెళ్లాలి. రెండూ ఒకే రాకలో చూడాలనుకుంటే మధ్యాహ్నపు ఉక్కలో అలసిపోయి అసలైన వేళకు ఇంటికి తిరుగుతారు. 1908 సెప్టెంబర్‌లో మూసీ ముంచెత్తినప్పుడు నిజాం మహబూబ్ అలీఖాన్ అమ్మవారికి మొక్కి, బంగారు చాటలో పట్టుచీర, ముత్యాలు పెట్టి మూసీకి సమర్పించాడని లాల్‌దర్వాజా వైపు పెద్దలు చెబుతారు.

నా మాట వింటే ఆ మర్నాడు సోమవారం వెళ్లండి. పొద్దున రంగం, అంటే భవిష్యవాణి, ఆ తర్వాత ఘటాల (అమ్మవారి కలశాల) ఊరేగింపు. హరిబౌలిలోని అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగు మీద సాగుతుంది, మిగతా గుళ్ల ఘటాలు దానితో కలుస్తాయి. గోల్కొండ సుల్తాన్ తానీషాకు మంత్రులుగా ఉన్న అన్నదమ్ముల పేరది. ఊరేగింపు చార్మినార్ దాటి, గుల్జార్ హౌజ్, పత్తర్‌గట్టి మీదుగా నయాపూల్ దగ్గర మూసీకి చేరుతుంది. ఎంజీబీఎస్ మెట్రోలో దిగితే నయాపూల్ దాకా నడిచిపోవచ్చు, ఆ రోజు ఆటోను నమ్ముకోవద్దు. మదీనా చౌరస్తా దాటి పత్తర్‌గట్టి రాతి వరండాల కింద నిలబడండి. రోడ్డు తిన్నగా ఉంటుంది, వాన పడినా తడవరు, కమాన్ కింది నుంచి ఏనుగు రావడం దూరం నుంచే కనిపిస్తుంది. మధ్యాహ్నం మూడింటికల్లా మెట్ల మీద చోటు పట్టుకోండి.